దాణా బస్తాలోకి మందు ఎట్లా వచ్చింది?

వరంగల్ చుట్టుపక్కల బ్రాయిలర్ షెడ్డు నడిపే రైతును దాణాలో యాంటీబయాటిక్ ఉందా అని అడిగితే చాలామంది చెప్పలేరు. దాచడం కాదు, ఆ సంగతి వాళ్ల చేతిలో లేదు. ఇంటిగ్రేషన్ అనే కంపెనీ ఒప్పందంలో కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, రెక్కల కష్టం రైతువి. బ్యాచ్ ఎత్తాక కిలోకింత అని గ్రోయింగ్ చార్జీ ముడుతుంది. తక్కువ దాణాతో ఎక్కువ బరువు వస్తే నాలుగు డబ్బులు ఎక్కువ. బస్తాలో మక్కలు, సోయా చెక్కతో పాటు ఇంకేం కలిసిందో మిల్లుకే తెలుసు.

దాణాలో యాంటీబయాటిక్ కలిపే ఈ అలవాటు పుట్టుకలో మనకూ ఒక చుట్టరికం ఉంది. అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనలు నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948లో అక్కడి నుంచే వచ్చింది. అదే ఏడు ఆయన కన్నుమూశారు. తర్వాత అక్కడి థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ చవకగా బి12 విటమిన్ దొరుకుతుందేమోనని, ఆరియోమైసిన్ తీసేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టారు. పిల్లలు విటమిన్ లెక్కకు మించి పెరిగాయి. అది పిప్పిలో మిగిలిన మందు మహిమ! 1950లో సంగతి లోకానికి తెలిసింది. 1951కల్లా డాక్టర్ చీటీ లేకుండానే దాణాలో కలపడానికి అక్కడ అనుమతి వచ్చేసింది.

టన్ను దాణాకు కొన్ని గ్రాములే. రోగం కుదిర్చే మోతాదు కాదు కాబట్టి, తట్టుకున్న సూక్ష్మజీవులు బతికి, మందుకు లొంగని సంతతిని పెంచుతాయి. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ ఈ ప్రమాదాన్నే చెప్పింది. పెరుగుదల కోసం దాణాలో కలపడాన్ని స్వీడన్ 1986లో ఆపేసింది. యూరోపియన్ యూనియన్ మొత్తం ఆపడానికి 2006 జనవరి 1 దాకా పట్టింది. మన దగ్గర పెద్ద అడుగు 2019లో పడింది. మనుషులకు వేరే మందులు పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు, చేపలకు వాడకుండా కేంద్రం నిషేధించింది.

మందుకు బదులు మంచి బ్యాక్టీరియాను కోళ్లకు పెట్టే ప్రోబయాటిక్ కథ ఫిన్లాండ్‌లో మొదలైంది. 1971లో అక్కడి బ్రాయిలర్లలో సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా బాగా వ్యాపించింది. నూర్మి, రంటాలా అనే ఇద్దరు పెద్ద కోళ్ల పేగుల్లోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు తాగించారు. వాటికి సాల్మొనెల్లా అంతగా అంటలేదు. 1973లో ఆ ఫలితం అచ్చయింది. మన ఊళ్లో నాటుకోడి పిల్ల తల్లి వెంట పెంట గీరుకుంటూ మంచి బ్యాక్టీరియాను దానంతటదే సంపాదించుకుంటుంది. హ్యాచరీ మెషీన్లో పొదిగిన పిల్లకు తల్లి ఏది? ఖాళీ పేగులో ముందు ఎవరు చోటు పడితే ఇల్లు వాళ్లదే. ఆ చోటు మంచివాటికి ఇవ్వడమే ప్రోబయాటిక్ పని. సల్లను పులియబెట్టే లాక్టోబాసిల్లస్ జాతివీ వీటిలో ఉన్నాయి. కానీ పెల్లెట్ (గుళికల) దాణా చేసేటప్పుడు పుట్టే వేడికి అవి తట్టుకోలేవు. అందుకే బీజరూపంలో వేడిని ఓర్చుకునే బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి వాడుకలోకి వచ్చాయి.

అయితే మందు తీసి ఇది పెడితే చాలదు. యూరప్‌లో మందు ఆపాక క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పేగుపూత రోగం కొన్నిచోట్ల రైతులను ఇబ్బంది పెట్టింది. తడిసిన ఊక, గాలి ఆడని షెడ్డు, ఇరుకు, వీటన్నింటినీ ఇన్నేళ్లూ కప్పిపుచ్చింది ఆ మందే.

దాణా మీద హక్కు లేని రైతుకు నీళ్ల ట్యాంకు మాత్రం ఉంది. నీళ్లలో కలిపే ప్రోబయాటిక్ పొడిని చాలామంది అక్కడే వేస్తారు. పొద్దున్నే బ్లీచింగ్ వేసిన ట్యాంకులోనే వేస్తే క్లోరిన్‌కు ఆ జీవాలు చాలావరకు కోడి నోటిదాకా రాకముందే చస్తాయి. యాంటీబయాటిక్ కోర్సు నడుస్తుండగా వేసినా అంతే, పొడి డబ్బులు ట్యాంకు పాలు.