ఏరియేటర్ తెలిసినవాళ్ళకి టర్బో కొత్త కాదు

తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోతే రొయ్యల చెరువు మీద ఏం జరుగుతుందో భీమవరం చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. జనరేటర్ స్టార్ట్ కావడం ఆలస్యమైతే రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలతాయి. అందుకే మా బావమరిది మేత పెంచాలంటే ముందు డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూస్తాడు. ఏరియేటర్ల లెక్క సరిపోకుండా ఎక్కువ సీడ్ (రొయ్య పిల్లలు) వదలడు. అంత జాగ్రత్త మనిషి తన డీజిల్ కారు విషయానికొచ్చేసరికి, ల్యాప్‌టాప్ పట్టుకొచ్చిన ఓ కుర్రాడికి తాళాలిచ్చి గంటన్నరలో ఇంజన్‌కి మేత, అంటే డీజిల్, పెంచేయించుకున్నాడు. గాలి సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

బంకులో డబ్బులిచ్చి పోయించుకునేది డీజిలే కాబట్టి బండి దానిమీదే నడుస్తుందనుకుంటాం. నిజానికి కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. మా ఎండాకాలపు వేడిగాలి లెక్కన అది దాదాపు 13 వేల లీటర్లు. బరువులో చూస్తే ఇంజన్ తినేదాంట్లో 90 శాతానికి పైగా గాలే. డీజిల్ ఎంతైనా చిమ్మొచ్చు, పంపుకి అదేం కష్టం కాదు. దానికి సరిపడా గాలిని ఆ చిన్న సిలిండర్లో కూరడమే అసలు పని.

మామూలు ఇంజన్లో పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి గాలి తనంతట తాను ఎంత వస్తే అంతే. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకి చూపు దాని మీద కాకుండా, సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ మీద పడింది. ఇంధనంలోని శక్తిలో ఇంచుమించు మూడో వంతు ఆ దారినే పోతుంది. ఆ పొగతో ఓ చక్రం తిప్పి, అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రంతో తాజా గాలిని ఇంజన్లోకి నెట్టొచ్చని 1905లో ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అదే టర్బో. ఇప్పటి చిన్న కార్ల టర్బోలు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరుగుతాయి. మనింట్లో సీలింగ్ ఫ్యాను మూడు నాలుగు వందలు తిరిగితేనే గోడమీది క్యాలెండర్ కొట్టుకుంటుంది. అంత వేగంగా తిరిగే ఇరుసు చాలా టర్బోల్లో పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. హైవే మీద గట్టిగా తోలుకొచ్చి గుమ్మం ముందు టక్కున ఆపేస్తే ఆ ఆయిల్ కదలకుండా నిలిచిపోయి, వేడికి మాడి బొగ్గవుతుంది. ఓ నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచమని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం పట్టుకున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో తణుకు రోడ్డు మీద 40 డిగ్రీల గాలిని టర్బో పీల్చి, ఒత్తిడి రెట్టింపు చేసిందనుకోండి. టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుంటే బయటికొచ్చే గాలి దాదాపు 138 డిగ్రీలుంటుంది. వేడిగాలి పల్చన. ఒత్తిడి రెట్టింపైనా లోపలికి వెళ్ళే ఆక్సిజన్ రెట్టింపు కాదన్నమాట. అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ పెడతారు. అది ఆ గాలిని 60 డిగ్రీలకు దించితే అదే ఒత్తిడిలో, అదే చోట్లో ఇంకో 23 శాతం గాలి పడుతుంది. అదనంగా చుక్క డీజిల్ ఖర్చు లేదు. నన్నడిగితే టర్బో బండికి మొదట పెట్టాల్సిన డబ్బు ఇంటర్‌కూలర్ మీదే, కొత్తది కొనడానికి ముందు ఉన్నదాన్ని కడగడం మీద.

కడగడం అని ఊరికే అనలేదు. మా వైపు కోతల కాలంలో రోడ్డుకి సగం దాకా ధాన్యం ఆరబోస్తారు. పక్కనించి పోయే ప్రతి బండీ ఊకా, దుమ్మూ మింగుతుంది. బావమరిది కారు బంపర్ ఊడదీసినప్పుడు ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య గడ్డిపరకలు, ఎండిన బురద, పురుగులూ కలిసి పిడక కట్టినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ విదిలిస్తే దోసెడు పొట్టు రాలింది. దీనికి మా ఉక్కపోత కూడా తోడు. 40 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 50 శాతం ఉంటే, పీల్చే గాలిలో నూటికి మూడున్నర పాళ్ళు నీటి ఆవిరే. అంతమేరకు ఆక్సిజన్‌కి చోటు తగ్గినట్టే. మాకు కలిసొచ్చేదల్లా సముద్రమట్టానికి దగ్గరగా ఉండడం. 900 మీటర్లకు పైన ఉన్న అరకులోనైతే గాలి ఒత్తిడే పదో వంతు తగ్గిపోతుంది.

ఇక ల్యాప్‌టాప్ కుర్రాడు చేసిన పని. దాన్ని రీమ్యాప్ అంటారు. ఏ వేగంలో ఎంత బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కావాలి, ఎంత డీజిల్ చిమ్మాలి, ఎప్పుడు చిమ్మాలి అనే పట్టికలు ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీఎంలో ఉంటాయి. వాటితో పాటు పొగ హద్దు అని ఒకటుంటుంది. ఇంత గాలి వస్తే ఇంతకు మించి డీజిల్ వదలకు అని దాని అర్థం. మేత కొలిచే చేటకి గీత పెట్టినట్టు. ఈ అంకెల్ని కంపెనీ కావాలనే కాస్త వెనక్కి పెడుతుంది. ఒకే మ్యాపుతో బండి రాజస్థాన్ ఎండలోనూ తిరగాలి, లడఖ్ కొండల్లోనూ తిరగాలి. కల్తీ డీజిల్ పడినా, సర్వీస్ ఆలస్యమైనా తట్టుకోవాలి. ట్యూనింగ్‌లో మనం వాడుకునేది ఈ మిగులునే.

మిగులు లేదని కాదు, ఉంది. అయితే కంపెనీలు తమంతట తాము పవర్ పెంచినప్పుడు ఏం చేస్తాయో గమనించాలి. మన దేశంలో ఎన్నో కార్లలో నడిచిన ఫియట్ 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజన్ సుమారు 75 హార్స్‌పవర్‌తో ఒకటి, 90తో ఒకటి వచ్చింది. రెండిటిదీ 1248 సీసీయే. కానీ 90 దానికి రెక్కల కోణం మార్చుకునే వేరియబుల్ జామెట్రీ టర్బో ఇచ్చారు. అంకెలు మార్చి ఊరుకోలేదు, గాలి తెచ్చేదాన్నే మార్చారు.

మూడు నెలలు బావమరిది కారు ఎగిరి గంతేసింది. పికప్ అంటే పికప్పే. కాలవగట్టు రోడ్డు మీద ధాన్యం ట్రాక్టర్‌ని దాటడానికి థర్డ్ గేర్‌కి దిగాల్సిన పని తప్పింది. “బావా, తొక్కి చూడు” అని పండగపూట వచ్చిన ప్రతి చుట్టానికీ తాళాలిచ్చాడు. తర్వాత ఓ రోజు పాలకొల్లు నించి దిండి వెళ్తూ చించినాడ వంతెన ఎక్కుతుంటే వెనక అంతా నల్లగా అయిపోయింది. మా వైపు ఎత్తు అంటే వంతెనలే, బండి బండారం అక్కడే బయటపడుతుంది.

భీమవరంలో మెకానిక్ బానెట్ ఎత్తి, రేసు చేయమన్నాడు. చెవి దగ్గరపెట్టి విన్నాడు. “పొగొచ్చిందంటే డీజిల్ ఎక్కువైందని వస్తారండీ అందరూ. ముందు గాలెక్కడ పోతుందో చూడాలండి” అన్నాడు. టర్బో నించి ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే రబ్బరు హోస్‌ని చేత్తో తడిమితే క్లాంపు పక్కన వేలికి నల్లటి ఆయిల్ జిడ్డు అంటింది. విప్పి వంచి చూపించాడు. అంగుళం పొడవు చీలిక. ఐడ్లింగ్‌లో పెదాలు మూసుకునే ఉంటుంది, బూస్ట్ ఎక్కితే విచ్చుకుంటుంది.

లోపలికొచ్చే గాలిని కొలిచే సెన్సార్ ఎయిర్ ఫిల్టర్ పక్కనే, టర్బోకి ముందు ఉంటుంది. అక్కడ కొలిచిన గాలి కొంత చీలికలోంచి బయటికి పోతుంది. ఈసీఎంకి ఆ సంగతి తెలీక, కొలిచిన గాలికి తగ్గ డీజిల్ పంపేస్తుంది. పొగ హద్దు పాత అంకె దగ్గరే ఉంటే కొంత కాచేది. కుర్రాడు దాన్నీ జరిపేశాడు. మండకుండా మిగిలిన కార్బనే ఆ మసి. పొగతో పోయేదే అయితే సరే. డీజిల్ ఇంజన్లో గాలికి మించి ఇంధనం పడేకొద్దీ పొగ వేడి పెరుగుతుంది. ఆ వేడి మొదట తగిలేది టర్బో చక్రానికీ, పిస్టన్ తలకీ. పైగా తగ్గిన బూస్ట్ పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. పాత హోస్ పాత ఒత్తిడికి ఇంకో రెండేళ్ళు వచ్చేదేమో. చెరువులో సీడ్ పెంచితే ఏ మోటారు ముందు కాలుతుందో చెప్పలేనట్టే, ఇక్కడా అన్నిటికన్నా బలహీనమైనది ముందు పోతుంది. మా అదృష్టం, అది ఓ రబ్బరు ముక్క. క్లచ్ ప్లేటో, టర్బోయో అయ్యుంటే ఆ పంట డబ్బులు గల్లంతే.

పెట్రోల్ టర్బో తీరు వేరు. అందులో ఇంధనం కాస్త ఎక్కువైతే లోపల చల్లబడుతుంది, తక్కువైతేనే ప్రమాదం. దాని శత్రువు నాకింగ్. స్పార్క్ మంట చేరకముందే మిగిలిన గాలీ పెట్రోలూ వేడికీ ఒత్తిడికీ తమంతట పేలి పిస్టన్‌ని సుత్తితో కొట్టినట్టు కొడతాయి. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారుకి దీన్ని ఆపడానికి నీళ్ళు, మిథనాల్ కలిపిన ద్రవం వేరే డబ్బాలో పోయాల్సొచ్చేది. చాలామంది నింపడం మర్చిపోయారు, చివరికి కొందరు టర్బోనే పీకించుకున్నారు. ఇప్పుడు మన బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి నాకింగ్‌ని తట్టుకునే గుణం ఎక్కువే. కాకపోతే లీటరుకి శక్తి తక్కువ. అందుకని ట్యూనింగ్ చేసేవాడు ఇంజెక్టర్లు అంత అదనంగా చిమ్మగలవా లేదా చూసుకోవాలి.

ఇంకో మాట. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ తీసేస్తే పవర్ వస్తుందని బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లకి చేసేవాళ్ళున్నారు. కాస్త రావచ్చు కూడా. ఆ మసి మన పిల్లల ముక్కుల్లోకే పోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. వారంటీ, ఇన్సూరెన్స్ గొడవలు దానికి అదనం.

మా వాడి కారుకి కొత్త హోస్ వేసి, క్లాంపులు మార్చి, ఇంటర్‌కూలర్ కడిగించి, మ్యాపులో పొగ హద్దు వెనక్కి పెట్టించారు. పికప్ కొంచెం తగ్గిందని వాడి బాధ. ఇప్పటికీ చించినాడ వంతెన ఎక్కేటప్పుడు వాడి చూపు రోడ్డు మీదకంటే అద్దంలోనే ఎక్కువ ఉంటుంది.