కొనబోమని చెప్పే ముందు: వస్తు బహిష్కరణపై అపోహలు - వాస్తవాలు

విజయవాడలో వినియోగదారుల సంఘం కార్యకర్తగా పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మా కార్యాలయానికి వచ్చేవారిలో చాలామంది ఫిర్యాదు కాగితం చేతికిచ్చే ముందే, "ఆ దుకాణంలో ఎవరూ కొనకుండా చేద్దామండీ" అంటారు. ఆ కోపం న్యాయమైనదే కాబట్టి దానిని చల్లార్చాలని నేను ఎన్నడూ అనుకోలేదు. అయితే బహిష్కరణ గురించి మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాల వల్ల మంచి పోరాటాలు మొదటి వారంలోనే ఆగిపోవడం, ఇంకొన్ని సంబంధం లేనివారిని గాయపరచడం నేను చూశాను. అందుకే తరచుగా వినిపించే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: బహిష్కరణ అంటే వస్తువు కొనడం మానేయడమే. ఆ పద్ధతి మనకు బయటినుంచి వచ్చింది.

వాస్తవం: బయటినుంచి వచ్చింది బాయ్‌కాట్ అనే మాట. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో చార్లెస్ బాయ్‌కాట్ అనే భూస్వామి ఏజెంటు కౌలు తగ్గించడానికి ఒప్పుకోక కౌలుదారులను వెళ్లగొట్టబోగా, కూలీలు అతని పొలంలో అడుగుపెట్టలేదు, దుకాణదారులు అతనికి సరుకు అమ్మలేదు. అది కొనేవారు చేసిన ఉద్యమం కాదు, పనిచేసేవారూ అమ్మేవారూ చేసిన సహాయ నిరాకరణ. కొనేవారి బహిష్కరణ దానికంటే చాలా పాతది. 1791లో బ్రిటన్‌లో లక్షలాది మంది, ముఖ్యంగా ఓటు హక్కు లేని గృహిణులు, బానిసల శ్రమతో తయారైన వెస్టిండీస్ పంచదారను మానేశారు. అక్కడ బానిస వ్యాపారం రద్దయింది 1807లో. పదిహేను రోజుల్లో ఫలితం రాలేదని నిరాశపడే మా యువ కార్యకర్తలకు నేను మొదట చెప్పేది ఈ పదహారేళ్ల సంగతే.

మన దేశంలో 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలులో విదేశీ వస్తు బహిష్కరణ తీర్మానం జరిగింది. 1907లో బిపిన్ చంద్ర పాల్ కోస్తా ఊళ్లలో పర్యటిస్తూ బెజవాడకూ వచ్చి ఆ సందేశాన్ని వినిపించారు. పేరు కొత్తదైనా పని మన ఊరికి కొత్త కాదు.

అపోహ: ముందు మానేద్దాం, ప్రత్యామ్నాయం సంగతి తరువాత చూసుకుందాం.

వాస్తవం: నేను చూసిన బహిష్కరణల్లో ఎక్కువ భాగం కూలిపోయింది ఈ ఒక్క కారణం వల్లనే, కనుక దీని గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కోటి మంది సభ్యులను చేర్చాలనీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సమకూర్చాలనీ, ఇరవై లక్షల రాట్నాలు ఆడించాలనీ నిర్ణయించింది. ఆ మూడో అంకెను మనం జాతీయ జెండాతో ముడిపడిన జ్ఞాపకాల మధ్య మరచిపోతుంటాం. పరదేశపు బట్ట కట్టవద్దని చెప్పడం తేలిక. కట్టుకోవడానికి మరో బట్ట ఎక్కడనుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఆ ఇరవై లక్షల రాట్నాలు. ఆ రోజుల్లో ఖద్దరు ఖరీదెక్కువ, ముతక, కావలసినంత దొరకదు. అందుకే వడికేవారిని, నేసేవారిని, అమ్మే దుకాణాన్ని కలుపుతూ ఒక వ్యవస్థను నిలబెట్టడానికి అంత శ్రమ పడ్డారు.

అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో 1955 డిసెంబరు 5న నల్లజాతి ప్రజలు మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణ 381 రోజులు నడిచింది. బస్సెక్కడం మానేసిన వేలమంది ప్రతి ఉదయం పనికి ఎలా చేరుకున్నారన్నదే అసలు విషయం. సుమారు మూడు వందల సొంత కార్లతో, ఎక్కే చోట్లూ దిగే చోట్లూ ముందుగా నిర్ణయించి, ఉద్యమకారులే రవాణా ఏర్పాటు నడిపారు. మిగిలినవారు నడిచారు. కార్లు నడిపినవారి, చందాలు పోగుచేసినవారి ఓపిక లేకపోతే పదో రోజున వాన పడగానే జనం మళ్లీ బస్సెక్కి ఉండేవారు.

అపోహ: అందరూ మానేస్తేనే ఫలితం ఉంటుంది, నేనొక్కడిని మానేస్తే ఏమవుతుంది?

వాస్తవం: వ్యాపారి ఖర్చుల్లో అద్దె, జీతాలు, కరెంటు, అప్పుపై వడ్డీ వంటివి అమ్మకం తగ్గినా తగ్గవు. ఆ ఖర్చులన్నీ పోగా చివర మిగిలే కొద్ది అమ్మకంలోనే అతని లాభం ఉంటుంది. కాబట్టి పదిమందిలో ఇద్దరు రాకపోయినా అతనికి తెలుస్తుంది. పెద్ద కంపెనీల విషయంలో అమ్మకాల నష్టం కన్నా పేరుకు తగిలే మచ్చ, దానిని చూసి వెనుకాడే పెట్టుబడిదారుల జంకు ఎక్కువగా పనిచేస్తాయని నా అభిప్రాయం.

కొన్నేళ్ల క్రితం నగరంలోని ఒక కళాశాల దగ్గర వరుసగా ఉన్న నాలుగు దుకాణాల్లో నీళ్ల సీసాపై ముద్రించిన ధర కంటే ఐదు రూపాయలు ఎక్కువగా కూలింగ్ చార్జీ పేరుతో తీసుకునేవారు. గరిష్ఠ చిల్లర ధర మించి అమ్మడం 2011 నాటి ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనలకు విరుద్ధమని చెబితే, "ఫ్రిజ్‌కు కరెంటు బిల్లు ఎవరు కడతారమ్మా?" అన్నారు. దగ్గరలోని హాస్టల్ విద్యార్థినులు అరవై మందికి మించి మాతో కలవలేదు. వారు హాస్టల్ ఫిల్టరు నీళ్లు సొంత సీసాల్లో తెచ్చుకున్నారు. మా కోరిక ఒకే వాక్యం: సీసాపై ఉన్న ధరకే అమ్మాలి. దానితోపాటు తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు కూడా ఇచ్చాము. పదకొండో రోజున ఒక దుకాణదారు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమే విద్యార్థినులందరినీ ఆ దుకాణానికే పంపించాము. మిగిలిన మూడు దుకాణాలు రెండు రోజుల్లో దారికి వచ్చాయి. వారిని మార్చింది మేము కొనకపోవడం కన్నా, పక్క దుకాణంలో కొనడమేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

దానికి ముందు ఏడాది మేము ఓడిపోయిన సంగతీ చెప్పాలి. ఒక పెద్ద దుకాణం తన పేరు ముద్రించిన చేతిసంచికి వేరుగా డబ్బు తీసుకుంటోందని, "అక్కడికి వెళ్లకండి" అని కరపత్రాలు పంచాము. ఏం చేస్తే మళ్లీ వెళ్తామో అందులో ఎక్కడా రాయలేదు. మూడు వారాలకు జనం అలసిపోయారు, యాజమాన్యానికి మేము ఏం కోరుతున్నామో కూడా తెలియలేదు. తప్పు మాదే.

అపోహ: వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలిగినవారికి బహిష్కరణ అవసరం లేదు.

వాస్తవం: ఈ రెండూ ఒకదానికొకటి తోడు. మాంట్‌గోమరీలో బస్సుల్లో జాతి వివక్ష చట్టవిరుద్ధమని చివరకు తేల్చింది 1956 నవంబరులో సుప్రీంకోర్టే. కానీ ఆ తీర్పు వచ్చేవరకు సమస్యను ఊరి మధ్య సజీవంగా నిలిపింది నడిచిన కాళ్లు. మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఒకే రకమైన నష్టం కలిగిన అనేకమంది తరఫున ఒకరు లేదా కొందరు కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్ విచారిస్తుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసినా కొన్ని సమస్యలు తీరిపోతాయి. బిల్లు మాత్రం దాచండి. బిల్లు లేని కోపాన్ని కమిషన్ ముందు నిలబెట్టడం చాలా కష్టం.

అపోహ: విదేశీ వస్త్ర బహిష్కరణే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లులను మూయించింది.

వాస్తవం: ఈ మాట మన గర్వానికి తీపిగా ఉంటుంది గానీ పూర్తి నిజం కాదు. 1930 ప్రాంతంలో బ్రిటిష్ బట్టల దిగుమతి మన దేశంలో బాగా పడిపోయిన మాట వాస్తవం. అయితే అదే సమయంలో ప్రపంచ ఆర్థిక మాంద్యం, జపాన్ బట్టల పోటీ, మన సొంత మిల్లుల ఎదుగుదల, పెరిగిన దిగుమతి సుంకాలు కూడా ఉన్నాయి. బహిష్కరణ వాటా ఎంతో విడదీసి చెప్పడం తేలిక కాదు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచే విషయం మరొకటి ఉంది. 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీజీ, పని కోల్పోయిన లాంకషైర్ కార్మికుల మధ్యకు స్వయంగా వెళ్లి, మన పల్లెల పేదరికాన్ని వివరించి చెప్పారు. తన పిలుపు వల్ల ఎవరి పొయ్యి ఆరిపోయిందో వారి ముందు నిలబడే బాధ్యత ఆయన తీసుకున్నారు.

2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ తరువాత చైనా వస్తువులు కొనవద్దన్న పిలుపు వచ్చినప్పుడు నాకు ఇదే గుర్తుకు వచ్చింది. బీసెంట్ రోడ్డులో తోపుడు బండిపై బొమ్మలు, ఫోన్ కవర్లు అమ్మేవారు అప్పటికే డబ్బు కట్టి సరుకు తెచ్చుకున్నారు. వారి దగ్గర కొనకపోతే నష్టం వారిదే, తయారీదారుకు అందవలసిన సొమ్ము ఎప్పుడో అందిపోయింది. పైగా మన చేతిలోని ఫోన్లలో, మన కర్మాగారాల యంత్రాల్లో, మందుల ముడిపదార్థాల్లో అక్కడి భాగమెంతో కొనేవారికి తెలియదు. మరుసటి సంవత్సరం, అంటే 2021లో, రెండు దేశాల వ్యాపారం 125 బిలియన్ డాలర్లు దాటింది. 1930లో కార్యకర్తలు వస్త్ర వర్తకుల చేత కొత్త సరుకుకు ఆర్డర్లు పెట్టబోమని ప్రతిజ్ఞ చేయించి, నిల్వ ఉన్న మూటలకు ముద్రలు వేయించేవారు. సరుకు ఊళ్లోకి వచ్చే దారి దగ్గర నిలబడాలన్న ఆ వివేకం ఈసారి లోపించింది.

అపోహ: కొనేవారు మాత్రమే బహిష్కరించగలరు.

వాస్తవం: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమంలో స్త్రీలు సారా కొనేవారు కారు. ఇంటి డబ్బు సారా దుకాణానికి పోతుంటే చూసినవారు. తాగేవారిని బతిమాలడంతో ఆగకుండా దుకాణాలు మూయించారు, సారా వేలం పాటలు జరగకుండా అడ్డుకున్నారు. ప్రభుత్వ ఆదాయం వచ్చేది ఆ పాటల నుంచే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోది సడలింది.

అపోహ: బహిష్కరణకు చట్టం అడ్డు రాదు.

వాస్తవం: ఫలానా సరుకు నేను కొనను, మీరూ కొనకండి అని శాంతియుతంగా చెప్పే స్వేచ్ఛ మనకుంది. రుజువు లేని ఆరోపణ చేస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు ఎదుర్కోవలసి వస్తుంది. దుకాణం తలుపు మూయించడం, కొనడానికి వచ్చినవారిని నెట్టడం నేరాలు. వ్యాపారులే కూడబలుక్కుని ఒక కంపెనీ సరుకు నిలిపివేస్తే అది పోటీ చట్టం పరిధిలోకి వస్తుంది. మందుల వ్యాపారుల సంఘాలపై కాంపిటీషన్ కమిషన్ అటువంటి ఉత్తర్వులు ఇచ్చింది.

అపోహ: బహిష్కరణ ఎప్పుడూ బలహీనుల ఆయుధమే.

వాస్తవం: ఉమ్మడి గుంటూరు జిల్లావాసులు ఈ మాట అనకూడదు. 1991లో చుండూరులో దళితులకు పనులు ఇవ్వకుండా భూస్వాములు సాంఘిక బహిష్కరణ విధించారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. కూలి దొరకకుండా, సరుకు అమ్మకుండా, దారి ఇవ్వకుండా చేయడం కూడా బహిష్కరణే. అయితే అది పైనుంచి కిందకు దిగే బహిష్కరణ. ఎస్సీ, ఎస్టీలపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడాన్నీ, విధిస్తామని బెదిరించడాన్నీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ నేరంగా ప్రకటించింది. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులో ఉంది. ఒక కులం వారి లేదా మతం వారి దుకాణాల్లో కొనవద్దని ఎవరైనా మా సంఘాన్ని కలిసి రమ్మంటే, మేము చేరము. ఏదైనా తప్పు చేసిన వ్యాపారి ఆ తప్పును దిద్దుకోగలడు, పుట్టుకను దిద్దుకునే దారి ఎవరికీ లేదు.

అపోహ: ఒకసారి మొదలుపెట్టిన బహిష్కరణను ఎత్తివేస్తే ఓడిపోయినట్లే.

వాస్తవం: శిశువుల పాలపొడి ప్రచారాలపై నెస్లే కంపెనీకి వ్యతిరేకంగా 1977లో అమెరికాలో మొదలైన బహిష్కరణను, తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయంపై 1981 నాటి అంతర్జాతీయ నియమావళిని పాటిస్తామని కంపెనీ ఒప్పుకోవడంతో 1984లో ఎత్తివేశారు. మాట నిలుపుకోలేదని భావించి 1988లో మళ్లీ పిలుపునిచ్చారు. మన దేశంలో 1992లో వచ్చిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ఆ నియమావళి స్ఫూర్తితోనే రూపొందింది. ఎత్తివేయగలిగినవారికే మళ్లీ మొదలుపెట్టే అధికారం ఉంటుంది. ఇప్పుడు మా కరపత్రాల్లో మొదటి వాక్యం ఏం కోరుతున్నామో, రెండో వాక్యం అది నెరవేరిన రోజు ఏం చేస్తామో చెబుతాయి. ఆ కళాశాల దగ్గరి దుకాణాల నుంచి ఇప్పటికీ ఏటా వేసవి మొదట్లో ఒక సీసా కొని, బిల్లు తెచ్చి మా ఫైలులో పెడుతున్నాము.