ధమని గోడలో మాస్ట్ కణాలు: అపోహలు – వాస్తవాలు

నేను పాథాలజిస్టును. గుండె ధమనుల పలుచని ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసి "ఇక్కడ మాస్ట్ కణాలు ఉన్నాయి" అంటే, తోటి వైద్యులు కూడా ఒక్కోసారి "అలర్జీ కణాలకు ఇక్కడేం పని?" అని అడుగుతారు.

అపోహ: రోగనిరోధక కణాల్లో ఒక రకమైన మాస్ట్ కణమంటే అలర్జీ, ఆ అలర్జీ లక్షణాలు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం. అంతే.

వాస్తవం: 1878లో పాల్ ఎర్లిఖ్ ఈ కణాలకు "బాగా మేసినవి" అనే అర్థంలో జర్మన్ పేరు పెట్టాడు. వాటి పొట్ట నిండా గుళికలే మరి. ఆ గుళికల్లో హిస్టమిన్‌తో పాటు ట్రిప్టేజ్, కైమేజ్ అనే ఎంజైములుంటాయి. ఇవి ప్రొటీన్లను కోసే కత్తెరలు. ధమని వెలుపలి పొరలో మాస్ట్ కణాలు మామూలుగానే ఉంటాయి. కొవ్వు పేరుకున్న చోట ఇంకా ఎక్కువగా చేరతాయి.

అపోహ: గుప్పెడు కణాలు ఏం చేయగలవు?

వాస్తవం: సంఖ్య తక్కువే, కానీ అవి ఎక్కడున్నాయో చూడండి. 1995లో హెల్సింకీకి చెందిన పెట్రి కోవానెన్ బృందం, గుండెపోటుతో చనిపోయినవారి ధమనుల్లో కొవ్వు ఫలకం చిట్లిన చోటే గుళికలు వదిలిన మాస్ట్ కణాలు గుమిగూడి ఉండటం గమనించింది. ఫలకం మీద కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగులతో నేసిన కప్పు ఉంటుంది. కైమేజ్, ట్రిప్టేజ్ నిద్రాణంగా ఉన్న మెటాలోప్రొటీనేజ్‌లనే మరో రకం కత్తెర ఎంజైములను మేల్కొలిపితే అవి ఆ కప్పును కొరికేస్తాయి. కైమేజ్ అంతటితో ఆగదు. ధమని గోడలోని కండర కణాలు పట్టుకుని నిలిచే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్‌ను కోస్తుంది. పట్టు తప్పిన కణాలు చనిపోతాయి. కొల్లాజెన్ నేసేవి అవే. అంటే ఇల్లు కూలుతుండగానే తాపీమేస్త్రీ కూడా పోయినట్టు. మంచి కొలెస్ట్రాల్ కణికల్లోని ప్రొటీన్‌నూ కైమేజ్ కోస్తుందనీ, అప్పుడవి కొవ్వును బయటికి మోయలేవనీ ప్రయోగశాలలో తేలింది.

మా పనిలో ఒక చిక్కుంది. గుళికలు ఖాళీ చేసిన కణానికి టోలుయిడిన్ బ్లూ రంగు సరిగా పట్టదు. అసలు పని కానిచ్చిన కణమే కంటికి ఆనదన్నమాట! అందుకే ట్రిప్టేజ్‌కు అంటుకునే యాంటీబాడీతో వెతుకుతాం.

అపోహ: అలర్జీ మాత్ర ధమనులను కాపాడుతుంది.

వాస్తవం: యాంటీహిస్టమిన్ హిస్టమిన్ గ్రాహకాలనే అడ్డుకుంటుంది. ఎంజైముల జోలికి పోదు.

అపోహ: రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను ఏసీఈ అనే ఎంజైమే కాక కైమేజ్ కూడా తయారుచేస్తుంది కాబట్టి ఏసీఈని అడ్డుకునే మాత్రలు వృథా.

వాస్తవం: మొదటి సగం నిజమే. రెండో సగం ప్రమాదకరం. గుండె వైఫల్యంలో ఆ మాత్రలు ప్రాణాలు నిలుపుతాయని పెద్ద పరీక్షల్లో రుజువైంది. ఇలాంటివి చదివి మాత్ర మానేయకండి.

అపోహ: ట్రిప్టేజ్ రక్తపరీక్షతో పూడికలు బయటపడతాయి.

వాస్తవం: బయటపడవు. అది తీవ్ర అలర్జీకి, మాస్ట్ కణాలు అతిగా పెరిగే మాస్టోసైటోసిస్ అనే జబ్బుకు చేసే పరీక్ష. ఒక్క సందర్భం వేరు: అలర్జీ ప్రతిచర్యతో పాటే ఛాతీనొప్పి వస్తే, 1991లో వర్ణించిన కౌనిస్ సిండ్రోమ్‌ను (అలర్జీ వల్ల గుండె ధమనుల్లో వచ్చే ఇబ్బందిని) అనుమానించి, కొద్ది గంటల్లోపే రక్తం తీయాలి. ఆలస్యమైతే స్థాయి పడిపోతుంది.

అపోహ: ఫలకాల్లో మాస్ట్ కణాల పాత్ర ఎలుకల్లో రుజువైంది, ఇక మందు వచ్చినట్టే.

వాస్తవం: మాస్ట్ కణాలు లేని ఎలుకల్లో ఫలకాలు చిన్నవిగా ఉన్నాయని 2007లో తేలింది. అయితే ఆ ఎలుకల్లోని జన్యులోపం ఇతర కణాలనూ తాకుతుంది కనుక ఆ ఫలితాన్ని నేను కాస్త ఆచితూచి చదువుతాను. మనుషుల్లో, గుండెపోటు తర్వాత కైమేజ్‌ను అడ్డుకునే ఫులాసిమ్‌స్టాట్ అనే మందు ఇచ్చి చూస్తే, ఒంటికి రక్తం పంపే ఎడమ జఠరిక పనితీరు మెరుగుపడలేదు. కానీ ఆ పరీక్ష కొలిచింది గుండె కండరాన్ని, ఫలకాన్ని కాదు.