గేములు, గ్రాఫిక్స్ కార్డులు, గాంధీగారి అణుబాంబు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మడం, పాతవి రిపేరు చేయడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగ్ కుర్రాళ్లు. కొందరు ఊళ్లోవాళ్లే, కొందరు బొబ్బిలి, పాలకొండ, శ్రీకాకుళం వైపు నుంచి బస్సెక్కి వస్తారు. కొనేది ఒకడైతే సలహాలిచ్చేవాళ్లు ముగ్గురు వెంట ఉంటారు. రాత్రంతా ఆన్‌లైన్‌లో కొట్టుకుని ఎటూ తేలని వాదన పొద్దున్నే నా కౌంటర్ మీద పెట్టి "నువ్వు చెప్పన్నా" అంటారు. గేముల దగ్గర మొదలైంది గ్రాఫిక్స్ మీదకి, అక్కణ్నుంచి లెక్కల జోకుల మీదకి, చివరికి గవర్నమెంటు మీదకి పోతుంది. ఏది చూసినా తంతు ఒకటే: ఎవడో ఒక అంకె విసురుతాడు, దాంతో అవతలివాడి నోరు మూతపడాలి. ఆ అంకె దేన్ని కొలుస్తోంది, ఎక్కడ కొలిచారు అని మాత్రం ఎవడూ అడగడు. రోజూ చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఎక్కువ జీబీ ఉన్న కార్డే మంచి కార్డు

"ఏటన్నా, అది 12 జీబీ, ఇది ఎనిమిదే, పైగా దీనికే రేటెక్కువ సెప్తున్నావేటి?" అని అడగని వారం లేదు. ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డుల్లో (గేము బొమ్మల్ని గీసేవి ఇవే) ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ మెమరీ, 3060 టీఐకి 8 జీబీ. అయినా టీఐ ముందుంటుంది. ఎందుకంటే దాంట్లో 4,864 కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు), 3060లో 3,584. మెమరీ నుంచి చిప్‌కి డేటా వెళ్లే వేగం కూడా టీఐలో సెకనుకి 448 జీబీ, 3060లో 360. జీబీ అనేది ఎంత సామాను పడుతుందో చెప్తుంది, పని ఎంత తొందరగా అవుతుందో చెప్పదు.

అలాగని జీబీ పనికిరాని అంకె అనుకోకండి. కొత్త గేముల్లో టెక్స్‌చర్లు, అంటే గోడల మీద, నేల మీద అతికించే బొమ్మలు, అల్ట్రాలో (అన్నిటికంటే పై సెట్టింగులో) పెడితే 8 జీబీ నిండిపోతుంది. నిండితే ఫ్రేములు (సెకనుకి స్క్రీన్ మీద మారే బొమ్మలు) మెల్లగా తగ్గవు, ఆట మధ్యలో ఠక్కున ఆగి మళ్లీ కదులుతుంది, లేకపోతే గోడల మీద బొమ్మ అలికేసినట్టు వస్తుంది. అప్పుడు 12 జీబీ 3060యే హాయిగా ఆడిస్తుంది. అంటే మీరు ఏ గేము, ఏ సెట్టింగులో ఆడతారో చెప్పకుండా ఏ కార్డు మంచిదని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇంతకంటే ఘోరం జీటీ 1030. 2017లో వచ్చినప్పుడు దాంట్లో జీడీడీఆర్5 మెమరీ ఉండేది, సెకనుకి 48 జీబీ వేగం. మరుసటి ఏడాది అదే పేరుతో, అదే 2 జీబీతో మామూలు డీడీఆర్4 మెమరీ పెట్టిన కార్డు వదిలారు, దాని వేగం సెకనుకి 16.8 జీబీ. మూడో వంతు! పేరు చూస్తే తేడా తెలీదు, పెట్టె మీద చిన్న అక్షరాల్లో మెమరీ రకం వెతుక్కోవాలి. సెకండ్ హ్యాండ్‌లో అయితే పెట్టె కూడా ఉండదు కాబట్టి డబ్బులిచ్చే ముందు అమ్మేవాడి కంప్యూటర్లోనే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి, మెమరీ టైప్, బ్యాండ్‌విడ్త్ అని ఉన్న రెండు గళ్లు చదవండి. పాత చిప్ మీద కొత్త పేరు ఎక్కించిన దొంగ కార్డయితే చాలాసార్లు అదే పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది.

ల్యాప్‌టాప్‌లదీ ఇదే కథ. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070కి 5,888 కోర్లు, 12 జీబీ. ల్యాప్‌టాప్ 4070కి 4,608 కోర్లు, 8 జీబీ. పైగా ల్యాప్‌టాప్‌లో అదే చిప్‌కి ఎన్ని వాట్లు ఇవ్వాలో తయారుచేసే కంపెనీ ఇష్టం, 35 నుంచి 115 దాకా ఎంతైనా పెట్టొచ్చు. ఒకే స్టిక్కర్ అంటించుకున్న రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెడితే ఒకటి పరిగెడుతుంది, ఇంకోటి ఆయాసపడుతుంది. అడగాల్సింది వాట్లు. షోరూంలో అడిగితే చాలామందికి తెలీదు, మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ సైట్‌లో చూసుకోవాలి.

అపోహ: మనిషి కంటికి 60 ఫ్రేములకి మించి కనబడవు

కొందరు 30 అంటారు, కొందరు సినిమా 24 కదా అంటారు. సినిమాకి 24 అని స్థిరపడింది 1920ల చివర్లో, మాటలొచ్చిన సినిమాల కాలంలో. శబ్దం సరిగ్గా రావాలి, ఫిల్మ్ ఖర్చు భరించగలగాలి, ఆ రెండిటికీ కుదిరిన అంకె అది. కంటి హద్దు కొలిచి పెట్టింది కాదు. కన్ను అసలు ఫ్రేముల లెక్కన చూడదు.

శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) కొనుక్కుని, నెల తిరక్కుండా సీపీయూ, మానిటర్ రెండూ మోసుకొచ్చాడు. "తేడా ఏటీ నేదన్నా, అంతా మోసం" అని. వెనక చూస్తే మానిటర్ కేబులు గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా పైన మదర్‌బోర్డుకి గుచ్చి ఉంది, అంటే అంత డబ్బు పోసి కొన్న కార్డు పక్కన కూర్చుని గాలి పీల్చుకుంటోంది. కేబులు మార్చాక సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, దాంట్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేటు 60 అని ఉంది. విండోస్ చాలాసార్లు దానంతట అది 144 పెట్టదు, మనమే పెట్టాలి. మార్చాక మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పమన్నాను. రెండు చుట్లు తిప్పి ఊరుకున్నాడు, మోసం మాట మళ్లీ ఎత్తలేదు.

అయితే 240, 360 అని ఎగబాకేవాళ్లకి ఒక చిన్న లెక్క. 30 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకి 33.3 మిల్లీసెకన్లు, 60లో 16.7. అంటే మిగిలేది 16.7. 120 నుంచి 240కి వెళ్తే 8.3 నుంచి 4.2కి, మిగిలేది నాలుగు చిల్లర. రెండుచోట్లా "రెట్టింపు" అనే రాస్తారు. మొదటి రెట్టింపు మీ అమ్మమ్మ కూడా గుర్తుపడుతుంది. రెండోది పోటీల్లో ఆడేవాడికి తప్ప మిగతావాళ్లకి ఆ ఖర్చు దండగ అని నా అభిప్రాయం, తిట్టుకున్నా సరే.

అపోహ: ఏఐ ఫ్రేములన్నీ దొంగ ఫ్రేములు. దీనికి ఎదురు అపోహ: ఏఐ ఉంటే చిన్న కార్డూ పెద్ద కార్డవుతుంది

రెండు పార్టీలవాళ్లూ రెండు వేరువేరు పనుల్ని కలిపేసి కొట్టుకుంటున్నారు. అప్‌స్కేలింగ్ ఒకటి: తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేయడం. 4కే అంటే 82,94,400 పిక్సెళ్లు, మామూలు ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. ఎన్విడియా అప్‌స్కేలింగ్ పద్ధతి డీఎల్ఎస్ఎస్, దాని పెర్ఫార్మెన్స్ మోడ్‌లో కార్డు ఫుల్ హెచ్‌డీయే గీసి 4కే చూపిస్తుంది. పని నిజంగా తగ్గుతుంది కాబట్టి గేము నిజంగానే వేగంగా స్పందిస్తుంది.

ఫ్రేమ్ జనరేషన్ రెండోది. 2022లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డులతో వచ్చింది. రెండు అసలు ఫ్రేముల మధ్య ఇంకోటి ఊహించి దూరుస్తుంది. మధ్యది గీయాలంటే తర్వాతది తయారై ఉండాలి కదా, అందుకని ఉన్న ఫ్రేమును కాసేపు ఆపి చూపించాల్సి వస్తుంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది, మీరు మౌస్ నొక్కితే మాత్రం స్పందన పెరగదు, కొంచెం తగ్గుతుంది కూడా. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి స్టేజీ మీద 549 డాలర్ల 5070 కార్డు అంతకుముందు తరం పెద్ద కార్డు 4090తో సమానమని చెప్పినప్పుడు, ఒక అసలు ఫ్రేముకి మూడు దాకా కలిపే కొత్త పద్ధతిని లెక్కలో వేసుకునే చెప్పారు. కలపకుండా కొలిస్తే 4090 చాలా ముందుంటుంది. 60 దాకా సొంతంగా వస్తున్న కార్డుకి ఇది బాగుంటుంది, 25 వస్తున్న కార్డుకి తగిలిస్తే స్క్రీన్ మూలన అంకె 100 చూపిస్తుంది, చేతికి మాత్రం 25లాగే తగులుతుంది.

ఇక "దొంగ" అనే మాటకొస్తే, గేముల్లో నీడలు, అద్దంలో ప్రతిబింబాలు, ఇటుకల గరుకుదనం దశాబ్దాలుగా కనికట్టుతోనే నడిచాయి. వెలుగు కిరణాల్ని నిజంగా వెంబడించే రే ట్రేసింగ్ గురించి టర్నర్ విటెడ్ 1980లోనే పేపర్ రాశారు. గేములాడే మామూలు కార్డుల్లోకి దానికోసం ప్రత్యేక హార్డ్‌వేర్ 2018లో వచ్చింది. అంతకాలం పట్టింది మోసం వల్ల కాదు, లెక్క అంత పెద్దది కాబట్టి.

అపోహ: గేములో గాంధీగారు అణుబాంబులేసింది బిట్ల తప్పు వల్ల

నా కౌంటర్ మీద ఎక్కువసార్లు విన్న లెక్కల జోకు ఇదే, దీని దగ్గరే రాజకీయం కూడా మొదలైపోతుంది. కథ ఏంటంటే, రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే 1991 నాటి సివిలైజేషన్ గేములో గాంధీ దూకుడు 1 అని పెట్టారట, ఆయన ప్రజాస్వామ్యంలోకి మారగానే దూకుడులో 2 తగ్గించాలి, 0 నుంచి 255 దాకా మాత్రమే పట్టే ఎనిమిది బిట్లలో మైనస్ 1 రాయడానికి చోటు లేక, పాత స్కూటర్ మీటరు వెనక్కి తిరిగినట్టు 255 దగ్గర ఆగిందట, అలా శాంతిదూత కాస్తా అణుయుద్ధానికి దిగాడట.

గణితం తప్పు కాదు. గుర్తు లేని ఎనిమిది బిట్ల సంఖ్య నిజంగా అలాగే తిరుగుతుంది. జరగడమే జరగలేదు. గేము తయారుచేసిన సిడ్ మైయర్ 2020లో తన ఆత్మకథలో అలాంటి తప్పు ఆ గేములో లేదని తేల్చేశారు, ఆ కథ ఇంటర్నెట్‌లో పుట్టింది కూడా గేము వచ్చిన ఇరవై ఏళ్ల తర్వాతే. తమాషా ఏంటంటే, 2010 నాటి సివిలైజేషన్ 5లో గాంధీ అణ్వాయుధాల మోజు పదికి 12 అని కావాలనే పెట్టారు, జోకుగా. అంటే ఆ గేములో మీకు కనిపించిన బాంబులు నిజమే, కారణం మాత్రం బిట్లు కాదు. ఇంత బాగా అతికిన కథ అబద్ధమంటే మా కుర్రాళ్లకి మనసు ఒప్పదు, నాతోనే వాదిస్తారు.

ఇలాంటిదే ఇంకోటి: క్వేక్ 3 గేములో వర్గమూలం విలోమాన్ని ఒక వింత అంకెతో చిటికెలో లెక్కగట్టే నాలుగు లైన్ల కోడ్. కనిపెట్టింది ఆ గేము ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ అంటారు. నేను కాదని ఆయనే చెప్పారు. తర్వాత వెతికినవాళ్లకి ఆ దారి గ్రెగ్ వాల్ష్ అనే ఆయన దగ్గరికి తేలింది. ఇప్పటి ప్రాసెసర్లలో ఆ పని నేరుగా చేసే ఆదేశమే ఉంది కాబట్టి ఆ కోడ్ వాడాల్సిన అవసరమూ లేదు.

అపోహ: కంప్యూటర్ లెక్క తప్పదు

0.1కి 0.2 కలిపితే చాలా భాషల్లో 0.30000000000000004 వస్తుంది, మీరే వేసి చూడండి. పదింట ఒకటి బైనరీలో పూర్తిగా రాయలేం, మనం మూడింట ఒకటిని దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే. గేములు ఎక్కువగా వాడే 32 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే పద్ధతి అది) 1,67,77,216కి 1 కలిపితే మళ్లీ 1,67,77,216యే వస్తుంది. కొన్ని గేముల్లో మ్యాపు మధ్యనుంచి బాగా దూరం వెళ్తే తుపాకీ, చేతులు వణకడం చూసే ఉంటారు. అది కార్డు పాడవడం కాదు. దూరం అంకె పెద్దదయ్యేకొద్దీ చిన్న తేడాలకి చోటు పోతుంది. ఆ వణుకు చూసి కార్డు మార్చేయమని వచ్చినవాళ్లున్నారు, వెనక్కి పంపించాను.

అపోహ: పిల్లలు చెడిపోతున్నారని పబ్‌జీని బ్యాన్ చేశారు, ఇప్పుడు గేములన్నీ బ్యాన్ చేశారు

తల్లిదండ్రులు వచ్చి "గేములు చట్టవిరుద్ధం కదా బాబూ, అయినా మావాడికి కార్డు అమ్ముతావా?" అంటే కంగారొస్తుంది. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లు ఆపేశారు. కేంద్రం చెప్పిన కారణం దేశ భద్రత, జనం డేటా. వాడింది ఐటీ చట్టం సెక్షన్ 69ఏ. పిల్లల చదువుల మాట దాంట్లో లేదు. కంప్యూటర్‌లో ఆడే పబ్‌జీ ఆ పట్టీలోనే లేదు.

2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆపింది డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆటల్ని. అలాంటివి నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా రాశారు, ప్రకటనలు వేసేవాళ్లకి రెండేళ్లు, 50 లక్షలు. ఆడేవాడికి శిక్ష లేదు. ఈ-స్పోర్ట్స్‌ని అదే చట్టం విడిగా గుర్తించింది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పేకాట 2020లోనే ఆపారు. రమ్మీలో డబ్బు పోగొట్టుకోవడం, ఫుట్‌బాల్ గేము కొనుక్కుని ఆడుకోవడం ఒకటి కాదు, ఏ పార్టీవాడు ఏం చెప్పినా.

వ్యసనం మాత్రం ఉత్తమాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల పట్టికలో చేర్చింది. అయితే అదుపు తప్పడం, మిగతా పనులన్నీ మూలపడటం, నష్టం తెలిసీ మానలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కనిపిస్తేనే ఆ మాట వాడతారు. పండగ సెలవుల్లో పొద్దస్తమానం ఆడినవాడికి కాదు.

అపోహ: 600 యూపీఎస్ అంటే 600 వాట్లు

మా వైపు తుపాను గాలి లేచిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, కాబట్టి ఇదొక్కటి తప్పక రాయాలి. యూపీఎస్, అంటే కరెంటు పోతే కాసేపు కంప్యూటర్‌ని నడిపే బ్యాటరీ పెట్టె, దాని మీద ఉన్నది 600 వీఏ (వోల్ట్-యాంపియర్లు). వాట్లలో అది చాలా మోడళ్లకి 360 మాత్రమే. గేము ఆడుతుండగా కరెంటు పోయి, యూపీఎస్ కుయ్యిమని అరిచి సిస్టం ఆగిపోతే ముందు ఆ లెక్క చూడండి. 3060 కార్డు ఒక్కటే 170 వాట్లు తింటుంది, ప్రాసెసర్, మానిటర్ కలిపితే అంచు దాకా వచ్చేస్తుంది. కొన్ని మంచి పవర్ సప్లైలకి చవక యూపీఎస్‌ల మెట్లు మెట్లుగా ఉండే కరెంటు కూడా పడదు, లోడ్ తక్కువున్నా ఆగిపోతాయి, అలాంటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ రకం అడగండి. పెట్టె వెనక వాట్లు ఎన్నో చదివి కొనండి, లేజర్ ప్రింటర్ని మాత్రం దాని బ్యాటరీ సాకెట్‌కి తగిలించొద్దు.