‘గ’తో గుడ్డు, ‘గ’తో గొడుగు: బ్లాక్ అండ్ వైట్ అక్షర సిరీస్ - అపోహలు, వాస్తవాలు

ఒక అక్షరం ఎంచుకోవాలి. ఆ అక్షరంతో పేరు మొదలయ్యే వస్తువుల్నే కొన్ని వారాలపాటు బ్లాక్ అండ్ వైట్‌లో తీయాలి. ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లకు మొదట ఇచ్చే పని ఇదే. నేనూ ఏటా ఒక అక్షరం పట్టుకుంటాను. ఈసారి ‘గ’: గుడ్డు, గొడుగు, గొలుసు, గడియారం, గులాబీ, గాజు గ్లాసు, గడ్డి, గోడ. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ, వెలుతురు గురించి ఇంత నేర్పిన అభ్యాసం నాకు ఇంకొకటి తగల్లేదు. మామూలుగా మనం నచ్చిన వస్తువునే తీస్తాం. ఇక్కడ ఆ ఎంపిక అక్షరానిది. నా అంతట నేనైతే గుడ్డును ఎన్నడూ తీసేదాన్ని కాదు.

ఈ పని మొదలుపెట్టేవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వినే కొన్ని మాటలున్నాయి. వాటికి నా అనుభవంలో తేలిన జవాబులు ఇవి.

అపోహ: కలర్ ఫొటో తీసి రంగు తీసేస్తే బ్లాక్ అండ్ వైట్ అయిపోతుంది.

ఎర్ర గులాబీతో ఒకసారి చేసి చూడండి. కంటికి ఎర్ర రేకులు, పచ్చటి ఆకులు ఎంత వేరుగా కనిపిస్తాయో! రంగు తీసేయగానే రెండూ దాదాపు ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. పువ్వు ఎక్కడ ఆగిందో, ఆకు ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి.

దీని వెనక లెక్క ఉంది. మన కన్ను ఆకుపచ్చను ఎక్కువ వెలుగ్గా, నీలాన్ని తక్కువ వెలుగ్గా చూస్తుంది. అందుకే బాగా వాడుకలో ఉన్న ఒక మార్పిడి సూత్రంలో ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున వాటా ఇచ్చి కలుపుతారు. ముదురు ఎరుపుకూ ముదురు ఆకుపచ్చకూ ఈ లెక్కలో తరచూ దగ్గర దగ్గర విలువలే వస్తాయి. రంగులో ఉన్న తేడా వెలుగులో లేదన్నమాట.

కాబట్టి ఏ రంగు ఎంత వెలుగ్గా మారాలో మనమే చెప్పాలి. ఎడిటింగ్‌లో బ్లాక్ అండ్ వైట్ మిక్స్ స్లైడర్లు ఉండేది అందుకే. ఒకే రా ఫైల్‌కి (సెన్సర్ నమోదు చేసిందంతా కుదించకుండా దాచే ఫైల్) మూడు కాపీలు తీయండి. మొదటిదాన్ని అలాగే వదిలేయండి. రెండోదాంట్లో ఎరుపు స్లైడర్ పెంచండి, రేకులు పాలమీగడలా తేలిపోతాయి. మూడోదాంట్లో ఎరుపు తగ్గించండి, అదే పువ్వు నల్ల మఖమల్‌లా బరువెక్కుతుంది. పువ్వు ఒకటే, వెలుతురు ఒకటే, ఫొటోలు మాత్రం మూడు. మా క్లాసులో ఈ మూడు కాపీలూ పక్కపక్కన పెట్టినప్పుడు గది ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోతుంది.

ఫిల్మ్ రోజుల్లో ఈ పని లెన్స్ ముందు పెట్టే రంగు ఫిల్టర్ చేసేది. ఎర్ర ఫిల్టర్ ఎరుపును లోపలికి పోనిచ్చి నీలాన్ని ఆపుతుంది, దాంతో నీలాకాశం నల్లబడి మబ్బులు తెల్లగా లేస్తాయి. ముదురు ఎరుపు ఫిల్టర్ పెడితే దాదాపు 3 స్టాపుల వెలుతురు పోతుంది (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది, పెరిగితే రెట్టింపవుతుంది). అంతకుముందు కాలంలో ఫిల్మ్‌కు బదులు వాడిన గాజు ప్లేట్లకు నీలం తప్ప దాదాపు ఏదీ తెలిసేది కాదు. ఆనాటి ఫొటోల్లో ఆకాశం ఉత్త తెలుపుగా, ఎర్రటివన్నీ నల్లగా ఉండటానికి కారణం అదే.

ఒక్క జాగ్రత్త. స్లైడర్‌ను చివరికంటా లాగితే ఆ రంగు ఉన్నచోట మచ్చలు, గీతలు తేలుతాయి. ముఖ్యంగా ఆకాశంలో నీలాన్ని మరీ తొక్కకండి.

అపోహ: బ్లాక్ అండ్ వైట్ అంటే కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) పెంచడమే.

నేను గుడ్డు దగ్గర నాలుగు రోజులు ఆగిపోయింది ఈ అపోహ వల్లే. తెల్ల గుడ్డు, కింద తెల్ల గుడ్డ (అదీ ‘గ’యే), వెనక తెల్ల గోడ, ఎడమ పక్క కిటికీ. కెమెరా చెప్పిన ఎక్స్‌పోజర్‌తో, అంటే అది లెక్కగట్టిన వెలుతురు మోతాదుతో తీస్తే మొత్తం మురికి బూడిద రంగులో వచ్చింది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి అది గుడ్డని తెలియదు. తన ముందు ఏది పెట్టినా దాన్ని మధ్యస్థ గ్రే అనుకుని కొలుస్తుంది. తెల్లది తెల్లగా రావాలంటే ఒక స్టాప్ నుంచి ఒకటిన్నర స్టాప్ దాకా మనం పెంచాలి. పెంచాను. ఈసారి గుడ్డు అంచు గోడలో కలిసిపోయింది. సరే అని కాంట్రాస్ట్ పెంచాను. కిటికీ వైపు పెంకు మీద ఉన్న సన్నని గరుకుతనమంతా తుడిచిపెట్టుకుపోయి, తెల్ల కాగితం ముక్కలా తయారైంది.

చివరికి గట్టెక్కించింది ఒక నల్ల అట్ట. కిటికీకి ఎదురు వైపు, గుడ్డుకు నాలుగు వేళ్ల దూరంలో, ఫ్రేమ్‌లో పడకుండా నిలబెట్టాను. గది గోడల నుంచి తిరిగొచ్చే వెలుతురును అది మింగేసింది. కుడి అంచు మెల్లగా చిక్కబడింది. అప్పుడు కళ్లు చికిలించి చూస్తే ఇంకో సంగతి కనిపించింది. గుడ్డు మీద అన్నిటికన్నా ముదురు నీడ అంచు దగ్గర లేదు, అంచుకు కాస్త లోపల ఒక పట్టీలా ఉంది. కింది గుడ్డ నుంచి ఎగసిన వెలుతురు అంచును మళ్లీ కొద్దిగా తేలిక చేస్తోంది. గుడ్డు గుండ్రంగా ఉందని కంటికి చెప్పేది ఆ సన్నని వెనక్కి వచ్చిన వెలుగే. కాంట్రాస్ట్ స్లైడర్ మొదట చంపేసేది దాన్నే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్ అనే కొలత పద్ధతిని రూపొందించింది నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న ఈ మెట్లను కాపాడుకోవడానికే. చిక్కటి నలుపు 0, కాగితపు తెలుపు 10. మధ్యలో ఒక్కో మెట్టుకూ ఒక్కో స్టాప్ తేడా. మధ్యస్థ గ్రే 5. నా గుడ్డు వెలుగు వైపు 7కూ 8కీ మధ్య ఉండాలి, అప్పుడే అది తెలుపనీ తెలుస్తుంది, పెంకు గరుకూ మిగులుతుంది. బొగ్గులాంటి నలుపు, సున్నంలాంటి తెలుపు మాత్రమే ఉన్న ఫొటోలు తప్పని నేను అనను. గొలుసు ఫొటోను నేను అలాగే తీశాను, ఆ ఇనుముకు అది నప్పింది. ప్రతి వస్తువుకూ అదే మందు వేయడమే తప్పు.

అపోహ: అక్షరం ఒకటే కాబట్టి సిరీస్ దానంతటదే కుదురుతుంది.

నా మొదటి అక్షరం ‘క’. కుర్చీ, కిటికీ, కొమ్మ, కత్తెర, కన్ను, కాగితం... మొత్తం 12 ఫొటోలు. ఏమీ చెప్పకుండా స్నేహితుల ముందు పరిచాను. వీటిని కలిపేది ఏమిటని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. “విడివిడిగా బాగున్నాయి” అన్నారు. ఆ మాట చాలా రోజులు నన్ను పట్టి కుదిపింది. ఒకటి ఎండలో తీసింది, ఒకటి బల్బు కింద. ఒకటి మీద పడేంత దగ్గరగా, ఒకటి గది అవతల నుంచి. అక్షరం నా తలలో ఉంది. కాగితం మీద లేదు.

ఇక్కడే జర్మన్ దంపతులు బెర్న్డ్ బెకర్, హిల్లా బెకర్‌ల పనిని చూడమంటాను. 1959 నుంచి దశాబ్దాలపాటు నీళ్ల ట్యాంకులు, గ్యాస్ ట్యాంకులు, గనుల దగ్గరి ఇనుప గోపురాలు తీశారు, అన్నీ బ్లాక్ అండ్ వైట్‌లోనే. మబ్బు పట్టి నీడలు పడని వెలుతురు కోసం ఆగేవారు. ఎదురుగా, నిటారుగా, ఫ్రేమ్‌లో ఒకే పరిమాణంలో వచ్చేలా తీసి, వరుసలుగా పేర్చి చూపించేవారు. మిగతావన్నీ ఒకేలా ఉండటం వల్ల ఒక ట్యాంకుకూ ఇంకో ట్యాంకుకూ ఉన్న తేడా మన కంటికి గుచ్చుకుంటుంది.

అక్షర సిరీస్‌లో వస్తువులు ఒకదానికొకటి పొంతన లేనివి కాబట్టి మనకు ఆ కట్టడి మరింత అవసరం. ‘గ’కు నేను పెట్టుకున్న నియమాలు మూడు: ఎడమ పక్క కిటికీ వెలుతురు, 50 ఎంఎం లెన్స్, చదరపు ఫ్రేమ్. గొడుగును కూడా గదిలోకి తెచ్చి, తెరిచి, కిటికీ పక్కనే పెట్టాను. కమ్మీల మధ్య బిగుసుకున్న బట్ట మీద వెలుతురు ఒక్కో మడతకూ ఒక్కో గ్రేలోకి జారింది. గుడ్డు పక్కన ఆ ప్రింట్ పెడితే రెండింటి వంపూ ఒకటేనని ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. గడ్డినీ గోడనూ మాత్రం గదిలోకి తేలేను కదా. వాటికి పొద్దున్నే ఎడమ నుంచి ఏటవాలుగా ఎండ పడే సమయం చూసుకున్నాను.

అపోహ: తేలికైన అక్షరం తీసుకుంటే పని తేలిక.

‘ణ’, ‘ళ’, ‘ఙ’, ‘ఞ’లతో మొదలయ్యే తెలుగు మాటలు లేవు కనుక వాటి సంగతి వదిలేద్దాం. ‘క’, ‘ప’ లాంటి వాటికి వందల మాటలు దొరుకుతాయి, అదే కష్టం. ఎంచుకోవడంలోనే నెల గడిచిపోతుంది. ‘ఋ’ పట్టుకున్న ఒకమ్మాయి మాటలు చాలక, ‘ఋతువు’ అనే ఒక్క మాటతో ఒకే చెట్టును ఏడాదంతా తీసింది. నా శిష్యుల పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

గుణింతం లెక్కలోకి వస్తుందా, గ్రహణం లాంటి సంయుక్తాక్షరం చెల్లుతుందా అని అడుగుతారు. ఏదైనా ఫర్వాలేదు, మొదటి ఫొటోకు ముందే తేల్చుకోండి. నేను పట్టుబట్టేది ఒక్కదానికే. వస్తువును చూడగానే నోటికి వచ్చే పేరే లెక్క. మీరు ఎప్పుడూ కప్పు అని పిలిచేదాన్ని ఈ ఒక్కసారికి గిన్నె అనేస్తే, ఫొటో తీసేటప్పుడు కూడా మనసు దాని మీద నిలవదు.

కంటికి కనపడనివాటినీ వదలకండి. గాలిని తీయడానికి కెమెరాను స్టాండ్ మీద బిగించి, గడ్డి మీద 1/4 సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చాను. మొదళ్లు కత్తిలా వచ్చాయి, కొసలు పొగలా కరిగాయి.

అపోహ: మెరిసే వస్తువు మీద నేరుగా లైట్ వేయాలి.

గాజు గ్లాసు మీద లైట్ వేస్తే మీకు దొరికేది ఆ లైటే, మెరుపు చుక్కగా. గాజుకు తనదంటూ రంగు లేదు. తన వెనకున్నదాన్ని వంచి చూపిస్తుంది, అంతే. కాబట్టి వెలుతురు వేయాల్సింది గ్లాసు వెనక.

గ్లాసు వెనక కాస్త దూరంలో తెల్ల కాగితం కట్టి, ఆ కాగితానికి మాత్రమే వెలుతురు ఇవ్వండి. ఆ తెలుపు ఫ్రేమ్ దాటి మరీ బయటికి పోకుండా చూడండి. గ్లాసు అంచులు ఫ్రేమ్ బయట ఉన్న చీకటిని లోపలికి వంచుకుని, పెన్నుతో గీసినట్టు నల్ల గీతలవుతాయి. ఇప్పుడు తిరగేయండి. ఆ తెల్ల కాగితం ముందు, ఫ్రేమ్‌కు సరిపోయేంత నల్ల అట్ట అడ్డం పెట్టండి, చుట్టూ తెలుపు మిగలాలి. ఈసారి గ్లాసు చీకట్లో నిలబడుతుంది, అంచులు మాత్రం వెండి తీగల్లా వెలుగుతాయి. మొదటిసారి ఇది నా బల్ల మీద జరిగినప్పుడు కెమెరా నొక్కడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. గ్లాసును ముందే శుభ్రంగా తుడవండి, ఈ వెలుతురులో ఒక్క వేలిముద్ర కూడా దాగదు.

అపోహ: కెమెరాలోని మోనోక్రోమ్ మోడ్ నేర్చుకునేవాళ్లకే.

నేను ఇప్పటికీ అదే వాడతాను, రా ఫార్మాట్‌తో కలిపి. స్క్రీన్ మీద బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తుంది, రా ఫైల్‌లో రంగులన్నీ భద్రంగా ఉంటాయి. కంప్యూటర్‌లో తెరవగానే రంగులు ప్రత్యక్షమైతే కంగారు పడకండి, అది తప్పు కాదు. జేపెగ్ (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫొటో ఫైల్) ఒక్కటే తీసుకుంటే మాత్రం నష్టమే. 8 బిట్ల ఫైల్‌లో నలుపు నుంచి తెలుపు దాకా ఉండేవి 256 మెట్లు. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. గుడ్డు లాంటి నున్నటి వంపు మీద ఆ తేడా ఎడిటింగ్ మొదలుపెట్టగానే బయటపడుతుంది.

అపోహ: బ్లాక్ అండ్ వైట్ మాత్రమే తీసే ప్రత్యేకమైన కెమెరా ఉంటేనే నాణ్యత.

అలాంటివి ఉన్నాయి. 2012లో జర్మన్ కెమెరా కంపెనీ లైకా తెచ్చిన ఎం మోనోక్రోమ్‌లో సెన్సర్ మీద రంగు ఫిల్టర్లే లేవు. వివరాలు చాలా బాగా వస్తాయి. కానీ రంగు నమోదు కాదు కాబట్టి గులాబీతో మనం చేసిన స్లైడర్ పని ఆ ఫైల్‌తో కుదరదు, మళ్లీ లెన్స్ ముందు గాజు ఫిల్టర్ పెట్టుకోవాల్సిందే. ఈ సిరీస్‌కి ఫోన్ అయినా చాలు, కిటికీ కావాలి.

అపోహ: స్క్రీన్ మీద బాగుంటే ప్రింట్ కూడా బాగుంటుంది.

‘గ’లో మొదటి ఆరు ఫొటోలు ఒక ల్యాబ్‌కి ఇచ్చాను. ప్రింట్లు ఇంటికి తెచ్చి ట్యూబ్‌లైట్ కింద చూస్తే గుడ్డు ఆకుపచ్చగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే కొంచెం గులాబీ రంగు. మనసు చివుక్కుమంది. గ్రేను రంగు ఇంకులు కలిపి తయారుచేస్తే ఇలాగే జరుగుతుంది, వెలుతురు మారినప్పుడల్లా ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. అందుకే ఇవ్వబోయే ముందే అడగాలి: నలుపుతో పాటు ప్రత్యేకంగా గ్రే ఇంకులున్న ప్రింటర్‌లో వేస్తారా, ముందు ఒక చిన్న ముక్క వేసి చూపిస్తారా అని. ఆ ముక్కను ప్రింట్ ఏ గదిలో వేలాడుతుందో ఆ గది వెలుతురులోనే చూడండి.

స్క్రీన్ తనే వెలుగుతుంది, కాగితం మీద పడిన వెలుతురుతోనే బతకాలి. కాబట్టి ప్రింట్‌కి పంపే ఫైల్‌లో నీడల్ని నేను కాస్త లేపుతాను, తెలుపును కాగితపు తెలుపు కంటే ఒక్క పిసరు కిందే ఆపుతాను. గుడ్డు మూడోసారికి కుదిరింది. కాగితం తెలుపుకూ పెంకు తెలుపుకూ మధ్య తేడా వెంట్రుకవాసి. కుడి అంచున ఆ వెనక్కి వచ్చిన వెలుగు పట్టీ అలాగే ఉంది. దగ్గరికి వంగి చూస్తే పెంకు మీది సన్నని గుంటలు కూడా కనిపిస్తున్నాయి.