ఈసారి కాళ్లు చూడండి

శ్రీకాకుళం

చిరంజీవులైన పిల్లలందరికీ తాత ఆశీర్వదించి రాసేది.

"మనుషులు గాల్లో అలా ఎలా ఎగురుతారు తాతా, అంతా కంప్యూటరేనా?" అని అడిగారు కదా. ది ఫర్‌బిడెన్ కింగ్‌డమ్ అనే కుంగ్‌ఫూ సినిమా చూసిన దగ్గర్నుంచి మీకు ఇదే గోల. ఫోన్లో రెండు ముక్కలు చెబితే మీకూ నాకూ కూడా తనివి తీరదని ఉత్తరం మొదలుపెట్టాను.

ఎగిరే సీన్లలో కంప్యూటర్ ముఖ్యంగా చేసేది చెరపడం. నటుడి దుస్తుల లోపల నడుముకీ తొడలకీ గట్టి పట్టీలు బిగిస్తారు. వాటికి రెండు పక్కలా సన్నని ఉక్కు తీగలు తగిలిస్తారు. ఆ తీగలు పైనున్న కప్పీల మీదుగా వెళ్లి, కెమెరాకి కనపడకుండా నిలబడ్డ మనుషుల చేతుల్లోకి వస్తాయి. వాళ్లు లెక్కపెట్టుకుని ఒక్కసారిగా లాగితే ఇక్కడ నటుడు లేస్తాడు. తర్వాత ఆ తీగల్ని బొమ్మలోంచి తుడిచేస్తారు. కంప్యూటర్లు లేని రోజుల్లో అయితే తీగలకి వెనకాల కనిపించే రంగే పూసి, వాటి మీద లైటు పడకుండా జాగ్రత్తపడేవారు.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను చూశారు కదా. మాను చివర పూజారి అంత ఎత్తున కూర్చుంటే, భారమంతా కింద తాళ్లు పట్టుకున్నవాళ్ల మీద ఉంటుంది. అది భక్తి, ఇది సినిమా. రెండింటినీ ఒకే గాటన కట్టడం లేదు. కానీ పైనున్న మనిషి కింద ఉన్నవాళ్లని నమ్మి కూర్చోవడం ఉంది చూడండి, తీగల పనిలో కూడా అదే ప్రాణం.

అయితే తీగ లేపుతుంది, అంతవరకే. గాల్లో ఒళ్లు బొంగరంలా తిరిగిపోకుండా ఆపాల్సింది నటుడి పొట్ట, నడుము కండరాలే. దిగేటప్పుడు పాదం సరిగ్గా పడకపోతే చీలమండ మెలిక పడుతుంది. అందుకే చెబుతున్నాను, మళ్లీ చూసేటప్పుడు మొహాలు వదిలేసి కాళ్లు చూడండి. ముఖ్యంగా ఆ పాత గుడిలో జాకీ చాన్‌కీ జెట్ లీకీ జరిగే పోరాటంలో. ఎవరు ఎప్పుడు బరువు ఏ కాలి మీద వేశారో, కొట్టేముందు మడమ ఎలా తిరిగిందో గమనించండి. దెబ్బ చేతిలోంచి వచ్చినట్టు కనిపిస్తుంది గానీ నేల మీంచి, కాల్లోంచి, నడుంలోంచి బయలుదేరి వస్తుంది.

ఆ ఇద్దరూ ఎన్నో ఏళ్లుగా ఎవరి సినిమాలు వాళ్లు చేసుకుంటూ ఉండి, కలిసి నటించింది ఇందులోనే మొదటిసారి. 2008 ఏప్రిల్‌లో విడుదలయ్యేనాటికి జాకీ చాన్‌కి 54 ఏళ్లు, జెట్ లీకి 45 నిండబోతున్నాయి. చిన్నప్పుడే జాకీ చాన్‌ని హాంగ్‌కాంగ్‌లో ఒక పెకింగ్ ఒపెరా బడిలో వేశారు. పాట, అభినయం, పిల్లిమొగ్గలు, కత్తియుద్ధం అన్నీ కలిసిన నాటక కళ అది. పదేళ్ల పాటు తెల్లారకముందే లేచి సాధన. జెట్ లీ ఎనిమిదేళ్లప్పుడు బీజింగ్‌లో వుషు అనే చైనా యుద్ధకళ మొదలుపెట్టాడు. 1974లో పదకొండేళ్ల వయసులో అమెరికా వెళ్లి, అధ్యక్షుడు నిక్సన్ ఎదుట ప్రదర్శన ఇచ్చాడు. వీళ్లిద్దరి పోరాటాన్ని కూర్చిన పెద్దాయన యువెన్ వూ-పింగ్. 1999లో ది మేట్రిక్స్ అనే హాలీవుడ్ సినిమా నటులకి కుంగ్‌ఫూ నేర్పింది కూడా ఆయనే.

జాకీ చాన్ తాగి తూలుతూ కొట్టడం చూసి మీరు పగలబడి నవ్వారట. నవ్వండి, తప్పు లేదు. కానీ ఆ శైలి చాలా కష్టం. చూసేవాడికి పడిపోతున్నట్టే ఉండాలి, పడకూడదు. కాలు అదుపులో లేనట్టు కనిపించాలంటే అది పూర్తిగా అదుపులో ఉండాలి. నిజంగా తాగినవాడు అందులో ఒక్క అడుగు కూడా వేయలేడు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చదివి వినిపించండి.

ఇది ఏ దేశం సినిమా అని కూడా రాశారు. రెండు దేశాల వాళ్లు కలిసి తీశారు. దర్శకుడు రాబ్ మింకాఫ్, కథ రాసిన జాన్ ఫుస్కో అమెరికా వాళ్లు. చైనా నుంచి హువాయీ బ్రదర్స్ అనే సంస్థ చేయి కలిపింది. షూటింగ్ చైనాలోనే, హెంగ్‌డియన్ అనే పెద్ద స్టూడియోలో కూడా చేశారు. కలిసి తీయడం వెనక వ్యాపారం కూడా ఉంటుంది. అప్పట్లో వసూళ్లలో వాటా తీసుకునే విదేశీ సినిమాలు చైనాలో ఏడాదికి 20 మాత్రమే రావాలని నియమం. చైనా సంస్థతో కలిసి తీసిన సినిమాకి ఆ అడ్డు ఉండదు.

నాకు నచ్చనిది ఒకటి చెబుతాను. అంతటి గురువులు ఇద్దరుండగా కథ అంతా, కోతి రాజు దండాన్ని ఆయనకి తిరిగి ఇవ్వడానికి పాత చైనాకి చేరిన అమెరికా బోస్టన్ కుర్రాడి చుట్టూ తిప్పడం ఎందుకు? అమెరికా పిల్లలు టిక్కెట్టు కొనాలని కాబోలు. ఆ కుర్రాడు నటించకపోలేదు, కానీ ప్రతిసారీ అతను రాగానే నా కళ్లు పక్కనున్న ఆ ఇద్దర్నే వెతికాయి.

ఇక ఆ కోతి రాజు సంగతి. "మన హనుమంతుడేనా తాతా?" అని చిన్నది అడిగింది. ఆయన పేరు సున్ వుకోంగ్. పదహారో శతాబ్దంలో చైనాలో వచ్చిన పెద్ద నవల 'పశ్చిమ యాత్ర'లోని వీరుడు. సముద్రపు నాగరాజు దగ్గర సంపాదించిన ఇనప దండాన్ని సూదంత చేసి చెవిలో పెట్టుకుంటాడు, కావాలంటే ఆకాశమంత పెంచుతాడు. సినిమాలో కుర్రాడు మోసుకు తిరిగే దండం అదే. హనుమంతుడి కథే అక్కడికి చేరి ఇలా మారిందని హూ షి అనే చైనా పండితుడు అన్నాడు. కాదు, మా దేశపు పాత కోతి దేవుడే మూలం అన్నాడు చైనా రచయిత లూ షున్. పెద్దవాళ్ల మధ్య తెగని వాదన అది. లంకకి దూకినవాడి వాసన నాకు మాత్రం వుకోంగ్‌లో గట్టిగానే తగులుతుంది.

ఆ నవలలో కోతి రాజు ఎవరికి కాపలాగా వెళ్తాడో తెలుసా? బౌద్ధ గ్రంథాల కోసం భారతదేశానికి వెళ్లే ఒక సన్యాసికి. ఆయన కల్పన కాదు. మీ సోషల్ పుస్తకంలో ఉన్న హుయాన్ త్సాంగే. 629లో బయలుదేరి, ఎడారులూ మంచు కొండలూ దాటి వచ్చి, నలందాలో చదువుకుని, 645లో 657 గ్రంథాలతో తిరిగి వెళ్లాడు. మధ్యలో ఆయన మన కళింగానికి కూడా వచ్చాడు. ఇక్కడి నల్లని అడవి ఏనుగులకి చుట్టుపక్కల రాజ్యాల్లో మంచి గిరాకీ అని రాశాడు. ఒకప్పుడు ఇక్కడ భుజాలు రాసుకునేంత, బండి చక్రాలు ఒకదానికొకటి తగిలేంత జనం ఉండేవారనీ, ఒక ఋషి శాపంతో దేశం ఖాళీ అయిపోయిందనీ ఇక్కడివాళ్లు చెప్పిన కథ కూడా రాసుకున్నాడు. తీగలు లేవు, మాయ దండం లేదు, గాల్లో ఎగరడం లేదు. కొంత గుర్రం మీద, కొంత పడవలో, మిగతాదంతా కాలినడకన ఇంత దూరం వచ్చాడు. ఆ నడకే జనం నోట్లో పెరిగి పెరిగి నవలైంది, నాటకాలైంది, చివరికి మీ ఫోన్లో సినిమా అయింది.

కర్రసాము నేర్చుకుంటామని పట్టుబడుతున్నారట. మంచిదే. కోడి రామమూర్తి గారి పేరున్న స్టేడియంలో ఆడుకునే పిల్లలు మీరు. 1882లో వీరఘట్టంలో పుట్టి, కలియుగ భీముడనిపించుకున్న ఆయన కూడా తాలింఖానా (కసరత్తు శాల) మట్టిలో ఒళ్లు వంచినవాడే. గురువు దగ్గర నేర్చుకోండి. ముందు కర్ర ఇవ్వరు, అడుగులు వేయిస్తారు. విసుక్కోకండి. వాటర్ ట్యాంకు మీంచి దూకడం మాత్రం ఈ రోజుతో బంద్.

వచ్చే ఆదివారం మిమ్మల్ని గార దగ్గర శాలిహుండం తీసుకెళ్తాను. వంశధార ఒడ్డున కొండ మీద ఇటుక స్తూపాలు ఉంటాయి, హుయాన్ త్సాంగ్ రావడానికి శతాబ్దాల ముందు నుంచే ఉన్నవి. 1919లో వాటిని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులు గారు. ఎండెక్కకముందే కొండెక్కాలి కాబట్టి ఆరింటికల్లా మా ఇంటికి వచ్చేయండి. హవాయి చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. తలా ఒక నీళ్ల సీసా. కర్రలు ఇంట్లోనే ఉంచి రండి, స్తూపాల మీదకి ఎవరూ ఎక్కకూడదు.

మీ తాత