గిటారుకీ మత్తుకీ ముడి ఎలా పడింది?

గొప్ప గిటారిస్టు ఎవరైనా వయసు మీద పడకముందే పోతే అభిమానుల నోట రెండు మాటలు వస్తాయి. అంత ప్రతిభ ఉన్నవాళ్లు ఎక్కువ కాలం ఉండరని ఒకరంటారు. ఆ మత్తే లేకపోతే ఆ వాయింపు ఉండేదా అని ఇంకొకరు. మొదటిది జాలి, రెండోది ఆరాధన. రెండింటి వెనకా ఉన్న నమ్మకం మాత్రం ఒక్కటే. అసామాన్యమైన విద్య ఊరికే రాదు, దానికి ప్రాణమో మనశ్శాంతో ఇచ్చుకోవాలన్నది ఆ నమ్మకం. అది ఎక్కడ మొదలైందో, ఎవరు పెంచారో ఏళ్ల వారీగా వెనక్కి వెళ్లి చూస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది.

మొదట చెప్పుకోవాల్సింది రాబర్ట్ జాన్సన్ గురించి. మిసిసిపీ డెల్టాలో ఊరూరా తిరిగి వాయించిన ఈ బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతం) గాయకుడు 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో మొత్తం 29 పాటలు రికార్డు చేశాడు. 1938 ఆగస్టు 16న గ్రీన్‌వుడ్ దగ్గర చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లంటారు. మరణ ధ్రువపత్రంలో కారణం రాయాల్సిన చోట ‘డాక్టర్ లేడు’ అని ఉంది. పేద నల్లజాతి కళాకారుడి చావుని ఆ రోజుల్లో అక్కడ ఎవరు ఎంత పట్టించుకున్నారో చెప్పడానికి ఆ రెండు మాటలు చాలు. కారణం తెలియని చోట కథలు పుట్టాయి. అర్ధరాత్రి కూడలిలో సైతానుకి ఆత్మని అమ్ముకుని విద్య తెచ్చుకున్నాడన్నది వాటిలో అందరికీ నచ్చింది. నిజానికి ఇది అంతకుముందు టామీ జాన్సన్ అనే ఇంకో బ్లూస్ గాయకుడి గురించి చెప్పుకున్న కథ. రాబర్ట్ కొంతకాలం కనిపించకుండా పోయి, తిరిగొచ్చి అందరూ నోరెళ్లబెట్టేలా వాయించిన మాట నిజమే. ఆ మధ్యకాలంలో ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు దగ్గర ఉండి సాధన చేశాడని తర్వాత పరిశోధకులు తేల్చారు. కానీ గురువు, సాధన అంటే ఎవరు వింటారు? 1961లో కొలంబియా కంపెనీ ఆ పాత రికార్డింగులను ఎల్పీగా, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డుగా తెచ్చినప్పుడు బ్రిటన్, అమెరికా కుర్రాళ్లు పాటలతో పాటు సైతానుని కూడా ఇంటికి పట్టుకెళ్లారు.

ఈలోగా జాజ్ లోకంలో హెరాయిన్ సూది వచ్చి చేరింది. 1940ల్లో చార్లీ పార్కర్ సాక్సోఫోన్ విని మతిపోని కుర్రాడు లేడు, గిటారు వాయించేవాళ్లతో సహా. పార్కర్‌కి పదహారేళ్లప్పుడు కారు ప్రమాదంలో దెబ్బలు తగిలాయి. నొప్పికి వాడిన మందులతో అలవాటు మొదలై హెరాయిన్ దాకా వెళ్లింది. 1955లో పోయినప్పుడు అతనికి 34 ఏళ్లు. శవాన్ని చూసిన వైద్యుడు వయసు యాభై పైనే ఉంటుందనుకున్నాడు. మత్తులో బాగా వాయిస్తానని చెప్పేవాడు అబద్ధమాడుతున్నట్టే అని పార్కర్ స్వయంగా అన్నాడు. ఆ మాట చెవికెక్కించుకున్నవాళ్లు తక్కువ. అతని రాగాల్లాగే అతని అలవాటునీ అందుకుంటే అక్కడికి చేరతామనుకున్నవాళ్లే ఎక్కువ. 1950ల్లో చార్ల్స్ వినిక్ అనే సామాజిక పరిశోధకుడు న్యూయార్క్‌లో 357 మంది జాజ్ సంగీతకారులతో మాట్లాడితే, వాళ్లలో సగానికి పైగా ఒక్కసారైనా హెరాయిన్ రుచి చూసినవాళ్లే. క్రమం తప్పకుండా వాడుతున్నవాళ్లు మాత్రం 16 శాతం. అందరూ మునిగిపోయారన్న ప్రచారానికీ ఈ అంకెకీ చాలా తేడా ఉంది.

చట్టం కూడా తన వంతు నష్టం చేసింది. న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులు ఇచ్చే క్యాబరే కార్డు ఉండాలి. డ్రగ్స్ కేసులో దొరికితే కార్డు పోయేది, కార్డుతో పాటు కూడు కూడా. గాయని బిల్లీ హాలిడే, పియానిస్టు థెలోనియస్ మంక్ లాంటి పెద్దవాళ్లకే ఈ గతి పట్టింది. 1967లో గానీ ఆ పద్ధతి పోలేదు. చికిత్స అంటే 1935లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో తెరిచిన ప్రభుత్వ ఆసుపత్రి, టెక్సస్‌లో అలాంటిదే ఇంకొకటి. సగం జైలు, సగం ఆసుపత్రి అన్నమాట. లెక్సింగ్టన్‌కి వెళ్లొచ్చిన జాజ్ వాళ్లతో ఒక పెద్ద బ్యాండే కట్టొచ్చు.

ఇక్కడ జాజ్ గిటారిస్టు జో పాస్ దగ్గర కాసేపు ఆగాలి. గిటారు చరిత్రలో మత్తు కథని తలకిందులు చేసిన మనిషి ఇతనే అని నా అభిప్రాయం. 1929లో పుట్టాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు. చిన్నప్పుడే గంటల తరబడి సాధన చేయించాడు. కుర్రతనంలో న్యూయార్క్ చేరి హెరాయిన్‌కి దొరికిపోయాడు. ఇరవైల్లో ఉండాల్సిన మంచి ఏళ్లన్నీ అరెస్టులకి, జైళ్లకి, టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ ఆసుపత్రికి పోయాయి. 1950ల జాజ్ గిటారు గురించి రాసేటప్పుడు అతని పేరు రాకపోవడానికి కారణం ఇదే. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో సినానన్ అనే కేంద్రంలో చేరాడు. అదొక చిత్రమైన సంస్థ. మాజీ వ్యసనపరులే ఒకరినొకరు నిలదీసుకుంటూ మానుకునే పద్ధతితో 1958లో మొదలై, తర్వాత వింత మతంలా మారి, 1978లో తమ మీద కేసు వేసిన లాయరు పోస్టుబాక్సులో రాటిల్ స్నేక్ అనే విషసర్పాన్ని పెట్టేదాకా దిగజారింది. పాస్ ఉన్నప్పుడు ఇంకా అంత ముదరలేదు. అక్కడి తోటి సంగీతకారులతో 1962లో ఒక ఆల్బమ్ చేశాడు. సొంత గిటారు లేక, ఆ కేంద్రానిదే ఒక రాక్ గిటారు పట్టుకుని జాజ్ వాయించాడు. అది చూసిన ఒక అభిమాని మర్నాటి ఏడాది గిబ్సన్ గిటారు కొనిచ్చాడు. పాస్ దాన్నే చాలా ఏళ్లు వాయించాడు. ఇంకే వాయిద్యం తోడు లేకుండా ఒంటి గిటారుతో చేసిన రికార్డు అతన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. దాని రికార్డింగ్ 1973లో జరిగింది. అప్పటికి అతనికి నలభై నాలుగేళ్లు, హెరాయిన్ వదిలి పదేళ్లు దాటింది. వాడుతున్న రోజుల్లో చేసిందేమిటి అంటే చూపించడానికి దాదాపు ఏమీ లేదు.

అదే తరంలో వెస్ మాంట్‌గోమరీ ఉన్నాడు. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి క్లబ్బులు, ఇంటినిండా పిల్లలు. డ్రగ్స్ జోలికి పోలేదు. బొటనవేలితో మీటి జాజ్ గిటారు స్వరాన్నే మార్చేశాడు. 1968లో 45వ ఏట గుండెపోటుతో పోయాడు. అతని గురించి సైతాను కథలు లేవు. మేధావి జీవితం అనగానే ఎవరికీ ఇతను ముందు గుర్తురాడు.

రాక్ కాలానికి వచ్చేసరికి డబ్బు పెరిగింది, జనం పెరిగారు, మందుల రకాలూ పెరిగాయి. అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఏళ్ల తరబడి ఇతరుల వెనక నిలబడి వాయించి, 1966 సెప్టెంబరులో లండన్‌లో దిగాడు. 1970 సెప్టెంబరు 18న అక్కడే పోయాడు. మధ్యలో ఉన్నది నాలుగేళ్లు. అందులోనే కచేరీలు, రికార్డింగులు, మేనేజర్లతో గొడవలు, కోర్టు కేసులు. అతని ప్రాణం తీసింది జనం ఊహించుకునే హెరాయిన్ కాదు, నిద్రమాత్రలు. మోతాదుకి ఎన్నో రెట్లు మింగి, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడక చనిపోయాడు. విచారణాధికారి ఏ తీర్పూ ఖాయం చేయకుండా వదిలేశాడు. రాత్రి నిద్రపట్టడానికి ఒకటి, పొద్దున లేవడానికి ఇంకొకటి అన్నది ఆ రోజుల్లో టూర్ బతుకులో మామూలు సంగతి. దీన్ని మేధ ఖాతాలో వేయడం కన్నా పని గంటల ఖాతాలో వేయడమే న్యాయం.

తర్వాత పేర్లు వరసగా వస్తాయి. డ్యూఏన్ ఆల్‌మన్ 1971లో 24 ఏళ్లకి మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఫ్రీ బ్యాండ్ గిటారిస్టు పాల్ కోసాఫ్ 1976 మార్చిలో విమానంలో కన్నుమూశాడు, అదే ఏడాది డిసెంబరులో టామీ బోలిన్ మయామీలో. ఇద్దరికీ 25 ఏళ్లే. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్‌ని నిలబెట్టిన గిటారిస్టు పీటర్ గ్రీన్ బతికాడు గానీ ఆ బతుకు వేరే. 1970 మార్చిలో మ్యూనిక్‌లో ఒక పార్టీలో ఎల్‌ఎస్‌డీ అనే భ్రాంతులు కలిగించే డ్రగ్ తీసుకున్నాక మనిషి మారిపోయాడని తోటివాళ్లు అంటారు. రెండు నెలలకి బ్యాండ్ వదిలేశాడు. తర్వాత డాక్టర్లు స్కిజోఫ్రేనియా అని తేల్చి, కరెంటు షాక్ చికిత్స ఇచ్చారు. డ్రగ్ ఎంత, జబ్బు ఎంత అని ఇక్కడ గీత గీయడం కష్టం. ‘పిచ్చి మేధావి’ అన్న ముద్ర వేసినప్పుడు చికిత్స కావాల్సిన రోగి ఆ ముద్ర వెనక కనబడకుండా పోతాడు. గ్రీన్ 1990ల్లో మళ్లీ వేదికెక్కి, 2020లో 73వ ఏట నిద్రలో పోయాడు.

బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ కథ అందరికీ తెలిసిందే అయినా ఒక విషయం చెప్పాలి. పార్కర్ లాంటివాళ్ల బతుకుల చుట్టూ అల్లిన ఆకర్షణ కూడా తనని హెరాయిన్ వైపు లాగిందని అతనే తర్వాత రాసుకున్నాడు. 1970ల మొదట్లో మూడేళ్లు సర్రేలోని ఇంట్లోంచి బయటికి రావడమే గగనమైంది. 1973 జనవరిలో ‘ద హూ’ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌సెండ్ పట్టుబట్టి లండన్‌లో కచేరీ పెట్టించాడు. 1974లో హెరాయిన్ వదిలింది, దాని స్థానంలోకి సీసా వచ్చింది. 1982లో మినెసోటాలోని హేజల్డెన్ కేంద్రంలో చేరాడు, మళ్లీ జారాడు, 1987లో మళ్లీ అక్కడికే వెళ్లాడు. 1991లో నాలుగేళ్ల కొడుకు పోయినా గ్లాసు ముట్టలేదు. 1998లో ఆంటిగ్వాలో చికిత్సా కేంద్రం పెట్టి, దానికోసం మర్నాటి ఏడాది తన వంద గిటార్లు వేలం వేస్తే దాదాపు 50 లక్షల డాలర్లు వచ్చాయి.

ఇలాంటి అకాల మరణాల నుంచే ‘27 క్లబ్’ అన్న మాట పుట్టింది, అంటే 27 ఏళ్లకే పోయిన సంగీతకారుల జాబితా. బ్రయన్ జోన్స్, హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, జిమ్ మారిసన్ 1969 నుంచి 1971 లోపు ఆ వయసులోనే పోయారు. 1994లో కర్ట్ కొబేన్ చేరాక ఆ మాట స్థిరపడింది, జాన్సన్‌ని వెనక్కి వెళ్లి మరీ చేర్చుకున్నారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం 1956 నుంచి 2007 వరకు బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బమ్ ఉన్న 1,046 మందిని లెక్క తీసింది. 27కి ప్రత్యేకత ఏమీ లేదు. ఇరవైల్లో, ముప్పైల్లో మరణాలు మామూలు జనంలో కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం సంగీత తారల బాల్యాన్ని చూసింది. డ్రగ్స్, మద్యం వల్ల పోయినవాళ్లలో చిన్నతనంలో హింసో, తాగుబోతు ఇల్లో, తల్లిదండ్రుల ఎడబాటో చూసినవాళ్లు ఎక్కువ. బ్యాండ్ వాళ్ల కన్నా ఒంటరిగా పేరు తెచ్చుకున్నవాళ్లకి ముప్పు ఎక్కువని కూడా తేలింది. ఉదాహరణకి, గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌కి పన్నెండేళ్ల వయసులో వేదిక భయం పోవడానికి మందు అలవాటు చేసింది అతని తండ్రే. ఆయన కూడా సంగీతకారుడే.

అమెరికన్ బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ సంగతి జో పాస్‌ది లాంటిదే, ఇంకా స్పష్టంగా ఉంటుంది. విస్కీలో కొకైన్ కలుపుకుని తాగే దశకి వచ్చి, 1986 సెప్టెంబరులో జర్మనీ టూర్‌లో కుప్పకూలాడు. లండన్‌లో కొన్నాళ్లు, తర్వాత అట్లాంటాలో చికిత్స. మత్తు లేకుండా వాయించగలనా అన్న టెన్షన్ అతన్ని బాగా పట్టుకుంది. మానేసిన వాళ్లందరూ చెప్పే భయం అది. 1989లో వచ్చిన ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. 1990 ఆగస్టు 27న విస్కాన్సిన్‌లో కచేరీ అయ్యాక హెలికాప్టర్ కూలి చనిపోయాడు. 35 ఏళ్లు. అప్పటికి దాదాపు నాలుగేళ్లుగా ఒక్క చుక్క ముట్టలేదు. అయినా తెలియనివాళ్లు ఇప్పటికీ అతన్ని డ్రగ్స్ మృతుల జాబితాలో వేస్తుంటారు. గిటారిస్టు జాన్ ఫ్రుషాంటే కూడా మత్తు వదిలాకే నిలబడ్డాడు. 1992లో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బ్యాండ్ వదిలి హెరాయిన్‌లో ఆరేళ్లు పోగొట్టుకున్నాడు. 1998లో మానేసి, తిరిగి వచ్చి వాయించిన ఆల్బమ్ 1999లో ఆ బ్యాండ్‌ని మళ్లీ నిలబెట్టింది.

ఈ శతాబ్దంలో విలన్ మారాడు. ఇప్పుడు చంపుతున్నది సరదా కాదు, నొప్పి మాత్రలు. ఒకరకంగా పార్కర్ కారు ప్రమాదం దగ్గరికే వచ్చాం. దశాబ్దాల పాటు వేదిక మీద గెంతిన శరీరానికి తుంటి నొప్పి వస్తుంది, డాక్టరు ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి మందు) రాస్తాడు, అలవాటవుతుంది. గాయకుడు, గిటారిస్టు ప్రిన్స్ 2016 ఏప్రిల్ 21న 57వ ఏట ఫెంటనిల్ అనే చాలా బలమైన ఓపియాయిడ్ వల్ల పోయాడు. మామూలు నొప్పి మాత్రల్లా కనిపించే నకిలీ మాత్రల్లో అది ఉంది, అతనికి ఆ సంగతి తెలిసిన ఆధారం లేదు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తేలక 2018లో క్రిమినల్ కేసు లేకుండానే ఫైలు మూసేశారు. రాక్ గాయకుడు, గిటారిస్టు టామ్ పెటీ 2017లో తుంటి ఎముక పగులుతోనే నలభై ఏళ్ల వేడుకల టూర్ మొత్తం చేశాడు. సెప్టెంబరు 25న లాస్ ఏంజలెస్‌లో ఆఖరి కచేరీ, వారానికి మరణం. శరీరంలో ఫెంటనిల్, ఆక్సికోడోన్ అనే ఇంకో ఓపియాయిడ్‌తో పాటు ఇంకా మందులున్నాయి. అభిమానులని నిరాశపరచకూడదనే ఆ నొప్పితో తిరిగాడని కుటుంబం చెప్పింది.

టూర్ ఆపడం అంత తేలిక కాదు. టికెట్లు అమ్ముడైపోతాయి, హాళ్లు బుక్కవుతాయి, పదుల మంది జీతాలు ఆ తేదీల మీదే ఉంటాయి. ఆపమని చెప్పాల్సిన మేనేజరుకి వాటా వచ్చేది కూడా ఆ టూర్ నుంచే. అందుకే 2022 మే నెలలో రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ చేసిన పని గుర్తుపెట్టుకోదగ్గది. పాదం ఆపరేషన్ తర్వాత నొప్పి మందుల వల్ల గాయకుడు స్టీవెన్ టైలర్ మళ్లీ జారాడు. 1970ల్లో అతనూ గిటారిస్టు జో పెరీ కలిసి చేసిన ఆగం అంతా ఇంతా కాదు కాబట్టి దాచేస్తారనే ఎవరైనా అనుకుంటారు. బ్యాండ్ మాత్రం కారణం దాచకుండా ప్రకటన ఇచ్చి, లాస్ వేగస్‌లో జూన్, జులై కచేరీలు రద్దు చేసింది. టైలర్ చికిత్సకి వెళ్లాడు. సెప్టెంబరులో కచేరీలు మళ్లీ మొదలయ్యాయి.